నాలుగేళ్లు వాడిన అటైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్: ఏది ఉంచుకోవాలి, ఏది వద్దు

మా కెమిస్ట్రీ విభాగంలో సామర్థ్య ఆధారిత సిలబస్, అంటే చదివాక విద్యార్థి ఏం చేయగలగాలో ముందే రాసుకుని నడిపే సిలబస్, మొదలైన సెమిస్టర్‌లోనే ఈ సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. ఆ సామర్థ్యాలు ఎంతవరకు వచ్చాయో చూపే అంకెనే అటైన్‌మెంట్ అంటారు. నాలుగేళ్లు వాడాను. మొదటి రెండేళ్లు విభాగం తరఫున దాని బాధ్యత నాదే. అందరి మార్కులూ ఎక్కాయో లేదో చూడటం, రిపోర్టులు తీసి పైకి పంపడం నా పని. ఇప్పుడు ఒప్పందం పొడిగించాలా వద్దా అని అభిప్రాయం అడిగితే రెండు పేజీల నోట్ రాసిచ్చాను. ఇలాంటి సేవ తీసుకోబోయే వేరే విభాగాల వాళ్లకు పనికొస్తుందని అదే విషయం ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. డెమోల్లో చూసిన మరో రెండు సాఫ్ట్‌వేర్లూ దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. చూడాల్సింది పద్ధతినే.

ఇందులో రెండు భాగాలున్నాయి. మార్కులను అవుట్‌కమ్స్ (రావాల్సిన సామర్థ్యాలు) లెక్కలోకి మార్చి చార్టులు ఇచ్చే డ్యాష్‌బోర్డ్ ఒకటి. విద్యార్థులు తాము చేసిన పనిని దాచుకుని, మన వ్యాఖ్యలు చూసి మళ్లీ చేసి పెట్టే పోర్ట్‌ఫోలియో ఇంకొకటి. రెండింటికీ కలిపి ఒకే రేటింగ్ ఇవ్వడం నాకు చేతకాదు. పోర్ట్‌ఫోలియోకు ఐదుకు నాలుగు. డ్యాష్‌బోర్డ్‌కు ఐదుకు ఒకటి.

ముందు డ్యాష్‌బోర్డ్ సంగతి. ప్రతి కోర్సుకూ ఐదారు సీఓలు (కోర్సు అవుట్‌కమ్స్), మొత్తం డిగ్రీకి పన్నెండు పీఓలు (ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్) ఉంటాయి. ఏ సీఓ ఏ పీఓకు ఎంత సాయపడుతుందో 1, 2, 3 అంకెలతో మ్యాపింగ్ పట్టికలో మనమే నింపాలి. ప్రశ్నపత్రంలో ప్రతి ప్రశ్నకూ అది ఏ సీఓ కిందికి వస్తుందో ట్యాగ్ పెట్టాలి. మార్కులు ఎక్కిస్తే మిగతా లెక్క అదే చేసుకుంటుంది. మేం పెట్టుకున్న కొలత ప్రకారం వందకు 60 మంది టార్గెట్ మార్కు దాటితే ఆ సీఓ అటైన్‌మెంట్ 1, 70 మంది దాటితే 2, 80 మంది దాటితే 3. ఎక్సెల్‌లో మూడు రోజులు పట్టే పని పది నిమిషాల్లో అయిపోతుంది. అక్రిడిటేషన్ (నాణ్యత గుర్తింపు) ఫైళ్ల టెన్షన్ పడ్డవాళ్లకు దాని విలువ తెలుసు, ఆ ఒక్క మార్కు అందుకే ఇచ్చాను.

రెండో ఏడాది చివర్లో రిపోర్టు తీస్తుంటే ఒక వరుస దగ్గర ఆగిపోయాను. 'బృందంలో పనిచేయగలగడం' అన్న పీఓకు మా బ్యాచ్ అటైన్‌మెంట్ 2.6 అని ఉంది. మూడుకు 2.6 అంటే చాలా మంచి అంకె. ఆ ఏడాది మా పిల్లలతో బృందంగా చేయించిన పని ఏమిటా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. వెనక్కి వెళ్లి వెతికాను. ఫిజికల్ కెమిస్ట్రీ థియరీ కోర్సుకు మ్యాపింగ్ నింపేటప్పుడు ఎవరో ఆ గడిలో 3 వేశారు. ఆ కోర్సు మార్కులన్నీ రాత పరీక్షవే. పక్కవాళ్లతో మాట్లాడకూడదన్నదే ఆ పరీక్ష నియమం. సమతాస్థితి స్థిరాంకం మీద ఒక్కొక్కరూ విడిగా కూర్చుని రాసిన జవాబుల నుంచి బృంద సామర్థ్యం అంకె పుట్టింది. సాఫ్ట్‌వేర్ లెక్కలో తప్పు లేదు. మనం చెప్పిన గుణకారం అది సరిగ్గానే చేసింది. కానీ 'ఈ సామర్థ్యానికి సాక్ష్యం ఏది?' అని ఎక్కడా ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంకో సంఘటన దీనికంటే ఎక్కువ బాధ పెట్టింది. ఒక కోర్సులో అటైన్‌మెంట్ 1 దగ్గర ఆగిపోతే, మీటింగ్‌లో చర్చించి టార్గెట్‌ను 60 మార్కుల నుంచి 50కి దించారు. సెట్టింగ్స్‌లో ఒక గడి మార్చి సేవ్ నొక్కగానే చార్టు 3కి ఎగబాకింది. జవాబు పత్రాలు అవే, పిల్లలూ వాళ్లే. తరవాతి ఏడాది రిపోర్టులో ఆ రెండు అంకెలూ పక్కపక్కన నిలబడి సంస్కరణ వల్ల వచ్చిన ప్రగతిలా కనిపించాయి. టార్గెట్ ఎవరు మార్చారో, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కడా నమోదు చేయదు. ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను, అభ్యంతరం చెప్పలేదు. ఇప్పటికీ ఆ విషయం నన్ను పీడిస్తుంది.

వైద్య విద్యలో సామర్థ్యాన్ని ఎలా కొలవాలన్న చర్చలో జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు మెట్ల పిరమిడ్ ఒకటి గీశారు. అడుగున 'తెలుసు', దానిపైన 'ఎలా చేయాలో తెలుసు', ఆపైన 'చేసి చూపగలరు', శిఖరాన 'పనిలో నిజంగా చేస్తారు'. మా రాత పరీక్షలు కింది రెండు మెట్ల దగ్గరే ఉంటాయి. డ్యాష్‌బోర్డ్ ఆ రెండు మెట్ల మార్కులు తీసుకుని శిఖరం పేరుతో చూపిస్తుంది. నా ఫిర్యాదంతా ఇక్కడే. డాక్టర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ ఇబ్బందిని చాలా ముందే గుర్తించారు. రొనాల్డ్ హార్డెన్ 1975లోనే విద్యార్థిని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు పంపుతూ ఒక్కో చోట ఒక్కో పని చేయించి, చూస్తూ మార్కులు వేసే పరీక్షను ప్రతిపాదించారు. రసాయన శాస్త్రానికి కూడా అలాంటిది ఎందుకు ఉండకూడదు?

పోర్ట్‌ఫోలియో భాగం నాకు నచ్చింది అందుకే. విద్యార్థులు టైట్రేషన్ (ఒక ద్రావణంలోకి ఇంకోదాన్ని కొద్దికొద్దిగా వదులుతూ, రంగు మారే క్షణాన్ని బట్టి గాఢత కనుక్కునే ప్రయోగం) చేస్తూ ఆరు నిమిషాల వీడియో తీసి పెడతారు. మనం వీడియోలో ఏ క్షణం దగ్గరైనా ఆపి అక్కడే వ్యాఖ్య రాయవచ్చు. వాళ్లు దాన్ని చూసుకుని మళ్లీ చేసి పెడతారు. పాత వీడియో చెరిగిపోదు, మూడు ప్రయత్నాలూ పక్కపక్కనే ఉంటాయి. రికార్డు పుస్తకంలో ఎప్పుడూ నూటికి తొంభై తెచ్చుకునే ఒక అమ్మాయి మొదటి వీడియోలో బ్యూరెట్‌లోని, అంటే కొలత గీతలూ కింద కుళాయీ ఉన్న గాజు గొట్టంలోని, ద్రవ మట్టాన్ని పైనుంచి తల వంచి చూస్తోంది. మెనిస్కస్‌కు (ద్రవం వంపు తిరిగిన పైభాగానికి) కన్ను సమాన ఎత్తులో లేకపోతే రీడింగ్ తప్పుతుందని థియరీలో చక్కగా రాసిన అమ్మాయే. నేను వ్యాఖ్య పెట్టాను. రెండోసారి కన్ను సరిచేసుకుంది కానీ గులాబీ రంగు ముదిరేదాకా క్షారం వదిలేసింది. మూడోసారి చివరి చుక్కలు ఒక్కొక్కటిగా వేస్తూ, ఫ్లాస్క్ కింద తెల్ల కాగితం పెట్టుకుని, లేత గులాబీ దగ్గర ఆపింది. ఆ కాగితం సంగతి నేను చెప్పలేదు. పాత పద్ధతిలో ఆ అమ్మాయి రికార్డు మీద సంతకం పెట్టి పంపేసేదాన్ని. మూడేళ్లు అలాగే తల వంచి చూస్తూ డిగ్రీ తీసుకుని వెళ్లిపోయేది.

వ్యాఖ్యలు రాయడానికి ముందు రూబ్రిక్, అంటే ఏ స్థాయి పని ఎలా ఉంటుందో చెప్పే పట్టిక, రాసుకోవాలి. మాకు దానికి రెండు వారాలు పట్టింది, మంచి గొడవలే అయ్యాయి. 'సంతృప్తికరం' అంటే ఏమిటి? వరుసగా మూడు రీడింగులు 0.1 మిల్లీలీటర్ తేడాలో వస్తే చాలా, లేక రీడింగు ఎందుకు చెడిందో చెప్పగలగాలా? చివరికి నాలుగు స్థాయిలకూ కంటికి కనిపించే పనినే వర్ణనగా రాసుకున్నాం. 'బాగా చేశారు' లాంటి మాటలు తీసేశాం. తరవాత ఒకే వీడియోకు నేను మూడో స్థాయి, మా సహోద్యోగి రెండో స్థాయి ఇచ్చిన సందర్భాలు వచ్చాయి. అప్పటి నుంచి సెమిస్టర్ మొదట్లో అందరం కలిసి ఐదు వీడియోలు చూసి, విడివిడిగా మార్కులు వేసి, తేడా ఎక్కడొచ్చిందో మాట్లాడుకుంటున్నాం. నా ఉద్యోగంలో నాకు బాగా ఉపయోగపడిన మీటింగులు అవే. అయితే ఒకే పనికి ఇద్దరు మూల్యాంకనం చేసే సదుపాయం ఈ సాఫ్ట్‌వేర్‌లో లేదు. మేం కాగితం మీద చేసుకుంటున్నాం. అందుకే ఒక మార్కు తగ్గించాను.

శ్రమ సంగతి దాచకూడదు. 64 మంది, ఒక్కొక్కరివి ఆరు నిమిషాలు. ఒక్క ప్రయోగానికి వీడియోలు ఆపకుండా చూడటానికే ఆరు గంటల 24 నిమిషాలు. వ్యాఖ్యలు రాయడం, మళ్లీ వచ్చినవి చూడటం దీనికి అదనం. సెమిస్టర్‌లో పది ప్రయోగాలకూ ఇలా చేయడం ఒక మనిషి వల్ల కాదు. మేం మూడింటికే చేశాం. టీచర్ల గంటలు సర్దకుండా సాఫ్ట్‌వేర్ కొనిస్తే మొదట మూలపడేది ఈ పోర్ట్‌ఫోలియోయే, మిగిలేది చార్టు.

మరి ఈ సంస్కరణ వల్ల పిల్లలకు నిజంగా ఏమైనా ఒరిగిందా? డ్యాష్‌బోర్డ్ జవాబు చెప్పలేదు కాబట్టి నేనే రెండు ప్రయత్నాలు చేశాను.

మొదటిది, పాత లెక్కతో పోల్చడం. ప్రాక్టికల్ పరీక్షలో ఎవరికి ఎంత గాఢత ద్రావణం ఇచ్చారో, వాళ్లు ఎంతని తేల్చారో మా విభాగంలో పదవీ విరమణ చేసిన ఒక సార్ రిజిస్టర్‌లో రాసిపెట్టేవారు. సంస్కరణకు ముందు రెండు బ్యాచ్‌లు, తరవాత రెండు బ్యాచ్‌లు తీసుకుని చూశాను. తప్పు పరిమాణం స్పష్టంగా తగ్గింది. చాలా సంతోషించాను, మీటింగ్‌లో చెబుదామని స్లైడ్ కూడా చేశాను. మా ల్యాబ్ అసిస్టెంట్ అది చూసి, "మేడం, ఆ ఏడాదే బ్యూరెట్లు మార్చాం కదా" అన్నారు. నిజమే. గాజు కుళాయిలు కారుతున్నాయని అన్నీ తీసేసి టెఫ్లాన్ కుళాయిలవి తెప్పించాం. తగ్గిన తప్పులో సిలబస్ వాటా ఎంత, కుళాయి వాటా ఎంత? విడదీసే దారి నా దగ్గర లేదు. ఆ స్లైడ్ తీసేశాను. ఒక మార్పు ప్రభావాన్ని చూడాలనుకుంటే అదే ఏడాది ఇంకేం మారిందో కూడా రాసిపెట్టుకోవాలని అప్పుడు అర్థమైంది.

రెండోది నాకు ఎక్కువ నేర్పింది. కోర్సు పూర్తయిన ఎనిమిది నెలలకు, ఇష్టమున్నవాళ్లు రమ్మంటే పన్నెండు మంది వచ్చారు. బల్ల మీద సోడియం హైడ్రాక్సైడ్ సీసా, దాని మీద 'సుమారు 0.1 మోలార్' అన్న చీటీ పెట్టాను. పక్కన ఆక్సాలిక్ ఆమ్లం, రంగు మారి చూపే ఫినాఫ్తలీన్, తూచే యంత్రం, గాజు సామాను. ఇందులో అసలు గాఢత ఎంతో చెప్పమన్నాను. ప్రొసీజర్ షీట్ ఇవ్వలేదు. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది. దాన్ని తూచి కరిగించినంత మాత్రాన గాఢత తెలిసిపోదు, ఆక్సాలిక్ ఆమ్లం లాంటి ప్రాథమిక ప్రమాణ పదార్థంతో (తూచి కరిగిస్తే గాఢత కచ్చితంగా తెలిసేదానితో) సరిచూడాలి. ఐదుగురు ఎవరినీ అడగకుండా మొదటి నుంచి చివరిదాకా చేశారు. నలుగురు ఆమ్లం తూచి, ద్రావణం చేసి, లెక్క దగ్గర ఆగిపోయారు. ముగ్గురు షీట్ కోసం అడిగి అక్కడే నిలబడ్డారు. డ్యాష్‌బోర్డ్‌లో ఆ కోర్సు అటైన్‌మెంట్ 3.

చేయగలిగిన ఐదుగురిలో నలుగురు పోర్ట్‌ఫోలియోలో వీడియోలు కనీసం రెండుసార్లు మళ్లీ తీసి పెట్టినవాళ్లు. వచ్చింది పన్నెండు మందే, అదీ ఇష్టపడి వచ్చినవాళ్లు. దీన్ని రుజువుగా చూపించను. కానీ సామర్థ్యం ఎక్కడ తయారవుతోందో వెతకాల్సిన చోటు నాకు తెలిసింది.

ఇది ఎవరూ చేయనిది కాదు. అమెరికాలోని అల్వెర్నో కాలేజీలో 1973 నుంచి గ్రేడ్లకు బదులు ఎనిమిది సామర్థ్యాలను పెట్టుకుని, విద్యార్థి చేసిన పనిని చూసి అంచనా వేస్తున్నారు. అక్కడే 1997లో మొదలైన వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ అనే ఆన్‌లైన్ యూనివర్సిటీలో దారి చూపే మెంటర్ వేరు, పనిని మూల్యాంకనం చేసే వ్యక్తి వేరు. ఈ రెండో సంగతి మీద నేను చాలా ఆలోచించాను. మా దగ్గర పాఠం చెప్పేదీ, పేపర్ ఇచ్చేదీ, దిద్దేదీ, టార్గెట్ పెట్టేదీ, ఫలితం బాగుందని రిపోర్టు పంపేదీ ఒకరే. ఎంత నిజాయితీ ఉన్నవాళ్లకైనా అందులో చెయ్యి జారుతుంది. నాకూ జారింది, పైన చెప్పాను.

నోట్‌లో చివరికి రాసింది ఇది. పోర్ట్‌ఫోలియో ఒక్కటే విడిగా ఇస్తే తీసుకుందాం. డ్యాష్‌బోర్డ్ కూడా తప్పదంటే మూడు మార్పులు చేయాలి. సాక్ష్యంగా విద్యార్థి చేసిన పని జత చేయని గడిలో అంకె రాకూడదు. టార్గెట్ మారిస్తే పాత అంకె, కొత్త అంకె, కారణం రిపోర్టులో పక్కపక్కనే అచ్చవ్వాలి. కోర్సు అయిపోయిన ఆరు నెలల తరవాత మళ్లీ పిలిచి చూసిన ఫలితం రాసుకోవడానికి ఒక పేజీ ఉండాలి.

కంపెనీ ప్రతినిధికి ఇవే చెప్పాను. ఓపికగా విని మొదటి రెండూ వీలవుతాయన్నారు. మూడోది ఎలా ఉండాలో ఒక నమూనా పంపమన్నారు. ఆ పన్నెండు మంది ఏ మెట్టు దగ్గర ఆగారో, అక్కడ ఏమన్నారో రాసుకున్న నా నోట్‌బుక్ పేజీని పేర్లు కప్పేసి, స్కాన్ చేసి పంపాను.