పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు: ఒక పూట పడవ ప్రయాణం

కర్నూలు వాళ్లకు శ్రీశైలం కొత్త కాదు. కార్తీకంలోనో శివరాత్రి దాటాకో పోతాం, మల్లన్నను, భ్రమరాంబను చూసుకుంటాం, సాక్షి గణపతి దగ్గర హాజరు వేయించుకుంటాం, శిఖరం దగ్గర కాసేపు ఆగి చీకటి పడకముందే ఘాటు దిగేస్తాం. గుడి కింద కృష్ణ ఒడ్డునున్న స్నానఘట్టం పాతాళగంగలో మునిగి వచ్చినవాళ్లు మనలో ఎందరో. అక్కడి నుంచి నదిలో పైకి పోతే ఏముందో చూసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. దర్శనానికి ఒక రోజు పెట్టుకున్నవాళ్లు ఇంకో పూట కలుపుకుని అక్కమహాదేవి గుహలకు పోయి రండి. శ్రీశైలంలో గుడి తర్వాత నా మనసుకు అంతగా పట్టినది ఇంకొకటి లేదు. కాకపోతే ఎప్పుడు పోవాలి, ఎవరిని తీసుకుపోవాలి, పడవలో ఏం చూసుకోవాలి అన్నవి ముందే తెలిసి బయల్దేరాలి.

మేం నలుగురం. అమ్మ, అక్క, ఇంటర్ చదివే అక్క కొడుకు, నేను. నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా కారులో. దూరం 180 కిలోమీటర్ల దగ్గరుంటుంది కానీ సగం పైన అడవి, మలుపులు, కాబట్టి మధ్యలో ఆగితే ఐదు గంటలు అనుకోండి. ఆత్మకూరులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కదిలితే మంచిది, ఆ తర్వాత బైర్లూటి దాటాక దోర్నాల దాకా చెప్పుకోదగ్గ హోటలేమీ కనపడదు. ఇదంతా పులుల అభయారణ్యం. చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ గురించి అడుగుతారు. నీళ్లు స్టీలు సీసాల్లో తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు, అడవికీ మంచిది.

బస విషయం. దేవస్థానం వాళ్ల గంగా సదన్, గౌరీ సదన్ లాంటివి గుడికి దగ్గర. రెండు పూటలా దర్శనం కావాలనుకునే పెద్దవాళ్లకు వాటిని మించినవి లేవు, ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి అంతే. కులాల సత్రాలు చాలా ఉన్నాయి, అన్నం కూడా అక్కడే దొరుకుతుంది, మనవాళ్లు ఎక్కువగా వాటికే పోతారు. టూరిజం వాళ్ల హరిత హోటల్లో చెట్ల మధ్య ప్రశాంతంగా ఉంటుంది. మేం ఈసారి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయని చెప్పి, పొద్దున ఐదింటికి అడిగితే ఏడు దాటాక అన్నారు. తెల్లవారుజామున స్నానం చేసి దర్శనానికి పోవాలనుకునే ఊళ్లో అది చిన్న లోపం కాదు. మళ్లీ పోతే నేను సదన్‌లోనే దిగుతాను.

ఇక ఎప్పుడు పోవాలన్నది. మన సీమలో పేపరు తెరవగానే శ్రీశైలం నీటిమట్టం చూసే అలవాటు చాలామందికి ఉంది. పూర్తి మట్టం 885 అడుగులు. 854కు దిగితే, సీమకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు గేట్ల గురించి బెంగ మొదలవుతుంది. ఆ అంకె ఈ ప్రయాణానికీ పనికొస్తుంది. జలాశయం నిండుగా ఉన్న రోజుల్లో పడవ గుహల కిందికి బాగా దగ్గరగా పోతుంది, ఎక్కాల్సింది తగ్గుతుంది. ఎండాకాలంలో నీళ్లు దిగిపోయాక అదే చోట బండల మీద చాలా ఎత్తు ఎక్కాలి, పైగా రాయి కాలుతుంది. గేట్లు ఎత్తి వరద పారుతున్నప్పుడు పడవలు కట్టేస్తారు. వరద తగ్గాక, దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా మంచి కాలం. ఇదే జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. నీళ్లు బాగా తగ్గితేనే ఆ గుడి బయటపడుతుంది. రెండూ ఒకే ప్రయాణంలో చూద్దామనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోవాలి, పోయే దారి కూడా వేరు.

పాతాళగంగకు దిగడానికి మెట్లున్నాయి, రోప్‌వే ఉంది. శ్రీశైలానికి మెట్లు కట్టించిన పుణ్యం కొండవీటి ప్రోలయ వేమారెడ్డిది అని చరిత్ర చెప్తుంది. దిగేటప్పుడు ఎవరికైనా తేలికే, ఎక్కేటప్పుడు తెలుస్తుంది వాటి సంగతి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రోప్‌వేలో దిగాం. తొట్టి కొండ అంచు దాటగానే కింద కృష్ణ ఒక్కసారిగా కనపడుతుంది, ఆకుపచ్చగా, రెండు పక్కలా నిలువు కొండలు. ఆ నిమిషం కోసమైనా ఒక వైపు రోప్‌వే ఎక్కాలి. అయితే అది తెరిచే వేళ చూసుకుని దిగండి. గుహల పడవ పొద్దున్నే పోతే, దాన్ని అందుకోవడానికి మెట్లే దిక్కు కావచ్చు.

పడవ దగ్గర మాకు నచ్చనివి రెండు. మొదటిది ఎదురుచూపు. మనుషులు సరిపడా పోగయితేనే పడవ కదులుతుంది, ఖర్చులుంటాయి కాబట్టి అది అర్థం చేసుకోగలం. కానీ "ఇంకో పది నిమిషాలు" అంటూ గంటన్నర నిలబెట్టారు. మొదటే నిజం చెబితే మేం పైన టిఫిన్ చేసి దిగేవాళ్లం. శనాదివారాల్లో ఈ ఎదురుచూపు తగ్గుతుంది, జనం త్వరగా పోగవుతారు. మిగతా రోజుల్లో పోయేవాళ్లు పదిమందిని కలుపుకుని పోవడం మేలు.

రెండోది లైఫ్ జాకెట్లు. అమ్మకు నీళ్లంటే భయం. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు మేడ మీద రాత్రంతా కూర్చున్నవాళ్లలో ఆమె ఒకరు. పడవ ఎక్కుతూనే జాకెట్ తీసుకుని తొడుక్కుంది. దాని నడుం దగ్గర క్లిప్పు విరిగి ఉంది, అక్కడ సుతిలి తాడు కట్టారు. "ఇది ముడేసుకుంటే సరిపోతాదిలే పెద్దమ్మా" అన్నాడు పడవ కుర్రాడు. అక్క ఒప్పుకోలేదు. "సరిపోదప్పా, క్లిప్పు ఉండేది తెచ్చియ్యి" అని నిలబడింది. లోపల నుంచి ఇంకొకటి తెచ్చిచ్చాడు, అది బాగుంది. అంటే మంచివి ఉన్నాయి, అడిగినవాళ్లకే వస్తాయి. పడవ కదిలిన కాసేపటికి సగం మంది ఉక్కగా ఉందని జాకెట్లు విప్పి సీటు కింద పెట్టేశారు, ఎవరూ ఏమీ అనలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఏం జరిగిందో అందరం చూశాం. పాపికొండలకు సరదాగా బయల్దేరిన కుటుంబాలవి. ఆ తర్వాత కూడా జాకెట్ వేసుకోవడం ప్రయాణికుడి ఇష్టానికి వదిలేయడం నాకు మింగుడుపడలేదు. పిల్లలతో పోయేవాళ్లు ఎక్కేటప్పుడే క్లిప్పులన్నీ పెట్టి చూసుకోండి, మొహమాటపడకండి.

పడవ కదిలాక మాత్రం ఇవన్నీ వెనక్కి పోయాయి. నదిలో 16 కిలోమీటర్లకు పైనే అంటారు, పోవడానికే గంటన్నర దగ్గర పట్టింది. మొదట్లో ఘాట్‌లో స్నానాల సందడి, పుట్టిల్లో చేపలు పట్టేవాళ్లు, ఒడ్డున ఆరేసిన వలలు. రెండు మలుపులు తిరిగేసరికి మనిషి అలికిడి ఆగిపోయింది. ఒక ఒడ్డు మన రాష్ట్రం, అవతలి ఒడ్డు తెలంగాణ, రెండు వైపులా నల్లమలే. ఇక్కడి కొండలు క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. భూగర్భశాస్త్రం చదివినవాళ్లు ఈ రాతి పొరను శ్రీశైలం పేరుతోనే పిలుస్తారు. నీళ్లకు దగ్గరగా చూస్తే జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది కొండ. పొరల మధ్య సందుల్లోంచి మొలిచిన చెట్ల వేర్లు రాతి మీదుగా కిందికి జారి నీళ్లదాకా వచ్చాయి. నీళ్లు తగ్గిన మేర రాతి మీద తెల్లటి గీత, నదికి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే ఎత్తులో. ఆ గీతను చూస్తే జలాశయం నిండినప్పుడు నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో లెక్క తెలుస్తుంది.

పడవలో పక్క సీట్లలో రాయచూరు వైపు నుంచి వచ్చిన కన్నడ కుటుంబాలు. ఉగాదికి వాళ్లు వేలాదిగా నడిచి శ్రీశైలం వస్తారు, భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా చూసుకుంటారు. వాళ్లకు ఇది విహారం కాదు. ఒక అవ్వ దారి పొడవునా మెల్లగా వచనాలు, అంటే శివభక్తులు కన్నడంలో చెప్పిన చిన్న చిన్న భక్తి పలుకులు, చదువుతూనే ఉంది. అక్కమహాదేవి 12వ శతాబ్దపు శివభక్తురాలు, బసవన్న, అల్లమప్రభువుల కాలం. ఊరు శివమొగ్గ వైపు ఉడుతడి. రాజును, రాజ్యాన్ని కాదని బయల్దేరి బసవన్న ఉన్న కల్యాణం ఊళ్లో శరణుల, అంటే ఆ శివభక్తుల, మధ్య ఉండి, చివరికి శ్రీశైలం చేరిందని చెప్తారు. ఆమె వచనాలన్నిటికీ మకుటం చెన్నమల్లికార్జునుడే, మన మల్లన్నే. ఈ గుహలో తపస్సు చేసి, ఇంకా పైనున్న కదళీవనంలో ఆయనలో ఐక్యమైందని వాళ్ల నమ్మకం. ఆ అవ్వ చెప్తుంటే, ఆనకట్ట, రోడ్డు, పడవ ఏవీ లేని రోజుల్లో ఈ అడవిలోకి ఒంటరిగా నడిచి వచ్చిన ఆడమనిషి గురించి నేనూ అక్కా చాలాసేపు మాట్లాడుకున్నాం.

పడవ దిగాక మెట్లు, బండలు కలిసిన దారి. మామూలు మనిషికి పదిహేను నిమిషాలు. గట్టి చెప్పులు వేసుకోండి, జారే రకం వద్దు. పైకి చేరగానే ముందు కనపడేది గుహ కాదు, రాతి వంతెన. కొండ నుంచి విడివడి, మధ్యలో ఏ ఆధారమూ లేకుండా తల మీద అడ్డంగా నిలబడిన బండ. 200 అడుగుల పొడవు ఉంటుందని చెప్తారు. కింద నిలబడి తల ఎత్తితే రాయికీ కొండకీ మధ్య సన్నగా ఆకాశం. మనిషి చెయ్యి పడకుండా ప్రకృతి చేసిన పని. ఈ ఒక్కటీ చూసి వెనక్కి తిరిగినా వచ్చిన శ్రమ తీరుతుంది. అమ్మ అక్కడే నీడలో కూర్చుంది. "మీరు పోయి రాపోండి, నాకిది చాలు" అంది. అది సరైన నిర్ణయం అని లోపలికి పోయాక తెలిసింది.

గుహ లోపల దారి మొదట నిలబడి పోయేలా ఉంటుంది, తర్వాత సన్నబడుతుంది. ఒకచోట పక్కకు తిరిగి, వీపు ఒక గోడకు, ఛాతీ ఇంకో గోడకు రాసుకుంటూ జరగాలి. తల మీద రాయి కిందికి వస్తుంది, వంగాలి. మొత్తం 150 అడుగుల లోతు అంటారు. లైటు లేదు. ఫోన్ టార్చీ వెలుగులో గోడ చూశాను. జనం చేతులు తగిలి తగిలి నడుం ఎత్తున రాయి నున్నగా, నల్లగా మెరుస్తోంది, దానికి కాస్త పైన మాత్రం గరుగ్గా, పొడిగా అలాగే ఉంది. గబ్బిలాల వాసన, ఉక్క. చివర్లో చిన్న చోటు, శివలింగం, ఎవరో వెలిగించిపోయిన దీపం. ముగ్గురు నలుగురు కూర్చుంటే నిండిపోతుంది. మాకంటే ముందు పోయిన ఆ కన్నడ అవ్వ అక్కడ కూర్చుని ఉంది. మా వాడు ఫోటో తీయబోతే అక్క వద్దంది.

ఇరుకు చోట్లంటే భయమున్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు లోపలికి పోవద్దు. ఎదురుగా వచ్చేవాళ్లు ఉంటే మధ్యలో తప్పుకునే చోటు లేదు, కాబట్టి ముందు పోయినవాళ్లు బయటికి వచ్చాకే దిగాలి. దీన్ని చూసుకోవడానికి గుహ నోటి దగ్గర ఒక మనిషిని పెట్టాలి. మేం పోయిన రోజు ఎవరూ లేరు, లోపల ఇరుక్కుని కేకలు వేసుకున్నారు జనం.

బెలుం గుహలు చూసినవాళ్లు అలాంటిదే అనుకుని పోవద్దు. బెలుం సున్నపురాయి, నీళ్లు కరిగించి తొలిచిన గుహ, 3,229 మీటర్ల పొడవు, లోపల దీపాలు, గాలి గొట్టాలు, నడవడానికి బాట. పిల్లలతో, పెద్దలతో హాయిగా తిరిగి రావచ్చు. అక్కమహాదేవి గుహ దాని ముందు చిన్నది, వసతి ఏమీ లేదు. కానీ బెలుంలో లేనిది ఇక్కడ నది ఉంది, అడవి ఉంది, ఎనిమిది వందల ఏళ్లుగా జనం మరవని ఒక మనిషి ఉంది. రెండింటిలో ఒకటే చూడగలిగితే పిల్లలకు బెలుం చూపించండి. మీకోసం అయితే ఇక్కడికి రండి.

అక్కడ తాగునీళ్లు, తిండి, మరుగుదొడ్డి మాకు దొరకలేదు. నాలుగైదు గంటల ప్రయాణం, ఆడవాళ్లు ముఖ్యంగా దీన్ని ఆలోచించుకోవాలి. టికెట్లమ్మే చోట ఈ మాట ఒక బోర్డు మీద రాసిపెడితే ఎంతో మేలు. చిత్రాన్నం, అరటిపళ్లు కట్టుకుని పోయాం కాబట్టి సరిపోయింది. కోతులున్నాయి, సంచి చేతిలోంచి వదలకండి. ఇంకొకటి, ఒడ్డున ఇసుక, నీళ్లు చూసి దిగాలనిపిస్తుంది. దిగొద్దు. ఒడ్డు నుంచి ఒక్కసారిగా లోతు, మొసళ్లు కూడా ఉన్నాయని పడవ నడిపే ఆయన గట్టిగా చెప్పాడు. ఆయన మాత్రం మంచి పనిమంతుడు. మలుపుల్లో వేగం తగ్గించేవాడు, అమ్మను చెయ్యి పట్టి దింపాడు, అందరూ ఎక్కారని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాకే కదిలాడు.

అంత టైము లేనివాళ్లకు పాతాళగంగలోనే స్పీడ్‌బోటు ఉంది. డ్యాం వైపు కాస్త దూరం తిప్పి తెస్తుంది. మా వాడికి బాగా నచ్చింది. నాకు అందులో గాలి, నీటి తుంపర తప్ప ఏమీ మిగల్లేదు. డబ్బు లెక్కన చూసినా గుహల పడవే న్యాయం.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. దేవస్థానం అన్నప్రసాదానికి వేళ మించిపోయిందనుకుని ఒక సత్రంలో అడిగితే వేడి అన్నం, పప్పు, గోంగూర పెట్టారు. ఆ రోజే కర్నూలు తిరిగి పోవాలనుకునేవాళ్లు నాలుగింటికల్లా కదలాలి. అడవి గేట్లు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరింటికే తెరుస్తారు. పొద్దున దర్శనం, తర్వాత పడవ, సాయంత్రం ప్రయాణం అని ఒకే రోజులో కుక్కితే ఏదీ తృప్తిగా ఉండదు. ముందు రోజు మధ్యాహ్నానికి చేరి, సాయంత్రం దర్శనం చేసుకుని, మర్నాడు పొద్దున పడవకు పోవడమే పద్ధతి.