వీళ్లను తోట పనికి పిలిస్తే ఒకరు పోవడం ఖాయం

కడియపులంకలో మాకు ఎకరంన్నర నర్సరీ ఉంది. పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే, సాయంత్రం నీళ్లు పెట్టడం అయ్యేసరికి నడుం పట్టేస్తుంది. ఆ తర్వాత టీవీలో నరుక్కోవడాలు చూసే ఓపిక నాకు లేదు. "తోట పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు హంతకుల్ని పట్టుకుంటారు నాన్నా" అని మా అమ్మాయి డీవీడీల సెట్టు తెచ్చి పెడితే నవ్వాను. మూడు వారాల్లో మొత్తం 22 ఎపిసోడ్లలో ఇరవై ఒకటీ ముప్పావు చూసేశాను. ఆ పావు సంగతి తర్వాత చెబుతాను.

'రోజ్‌మేరీ అండ్ థైమ్' 2003లో బ్రిటన్‌లో ఐటీవీలో మొదలైంది. రోజ్‌మేరీ బాక్సర్ మొక్కల తెగుళ్ల మీద డాక్టరేట్ చేసి, యూనివర్సిటీలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. లారా థైమ్ ఒకప్పుడు పోలీసు. మొగుడు ఇంకో అమ్మాయి కోసం వదిలేసి పోయాడు. ఇద్దరూ కలిసి పాడుబడ్డ తోటల్ని బాగుచేసే పని పెట్టుకుంటారు. పేర్లు రెండూ వంటల్లో వేసే ఆకులవే. థైమ్ ఎలా ఉంటుందో తెలియకపోతే కాస్త వాము నలిపి వాసన చూడండి, థైమాల్ అనే పదార్థం రెండింట్లోనూ ఉంటుంది.

రోజ్‌మేరీగా వేసిన ఫెలిసిటీ కెండల్ మన శశి కపూర్‌కి మరదలు. తండ్రి షేక్‌స్పియర్ నాటకాల ట్రూపుతో మన దేశమంతా తిరుగుతూ పెరిగింది. లారా వేషం పామ్ ఫెర్రిస్‌ది. హ్యారీ పోటర్ మూడో సినిమాలో బూరలా ఉబ్బి గాల్లోకి లేచిపోయే అత్తయ్య ఈవిడే. ఇద్దరి మధ్య దెప్పుకోవడాలు చూస్తుంటే మా ఇంట్లో తోడికోడళ్లు గుర్తొచ్చారు.

మిస్టరీగా చూస్తే పలచనే. అయితే తోటపని చేసేవాడికి మాత్రమే తెలిసిన ఒక విషయాన్ని ఈ సీరియల్ పట్టుకుంది. చేతిలో పార ఉన్నవాణ్ణి ఎవరూ లెక్కచేయరు. రాజమండ్రిలో ఒక మేడ మీద కుండీలు మారుస్తుంటే, అన్నదమ్ములు నా పక్కనే నిలబడి ఆస్తి పంపకాల మీద అరగంట అరుచుకున్నారు. నేనూ ఒక కుండీనే అనుకున్నట్టున్నారు! ఈ ఇద్దరికీ అదే పెట్టుబడి. కలుపు తీస్తూ అన్నీ వింటారు. ఎక్కడి మట్టి కొత్తగా తిరగేసి ఉంది, ఏ మొక్క అకారణంగా వాడింది అన్నది పోలీసులకంటే ముందు వీళ్లకు కనబడుతుంది.

విషాల సంగతికొస్తే ఇంగ్లిషు తోటలేమీ అమాయకమైనవి కావు. ఫాక్స్‌గ్లోవ్ పువ్వు ఎంత అందమో, మోతాదు మించితే గుండెను అంతగా దెబ్బతీస్తుంది. మన గన్నేరుదీ అదే గుణం. పిల్లలున్న ఇంటికి గన్నేరు అడిగితే ఒకసారి హెచ్చరించే ఇస్తాను నేను.

ఒప్పుకోలేనివి కూడా ఉన్నాయి. నెల పట్టే పని నాలుగు రోజుల్లో అయిపోతుంది. రోజంతా తవ్వినా రోజ్‌మేరీ గోళ్లలో మట్టి ఉండదు. నాటిన మర్నాడే పూలు విరగబూస్తాయి, ఒక్కదానికీ పిండినల్లి పట్టదు. పైగా వెళ్లిన ప్రతిచోటా చావే. మా ఊళ్లో ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి జామ అంటు కొనడానికి కూడా ఎవరూ గడప తొక్కరు. కథ ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వెళ్లినప్పుడు నాకు అంతగా ఎక్కలేదు. ఆ ఇంగ్లండు వాన, పాచి పట్టిన గోడలు, పాత ల్యాండ్ రోవర్ వెనకాల పడేసిన పారలు, బక్కెట్లు ఉంటేనే బాగుంది.

ఎపిసోడ్ ముప్పావు గంటకు కాస్త అటూఇటూ. అన్నం తింటూ ఇంటిల్లిపాదీ చూడొచ్చు, రక్తం తక్కువ. ఇంగ్లిషు నాకు అంతంత మాత్రమే కాబట్టి అమ్మాయి మధ్యమధ్యలో ఆపి చెప్పింది.

ఇక మిగిలిన ఆ పావు. ఆన్‌లైన్‌లో ఎవరో వాడిన సెట్టును 'కొత్తదానిలాగే ఉంది' అని అమ్మారు. ఒక డిస్కు మీద గీతలు. రోజ్‌మేరీ అందర్నీ ఒకచోట నిలబెట్టి, వేలెత్తి, నోరు తెరిచిన చోట బొమ్మ ఆగిపోయింది. పంచెతో తుడిచాను, మా ఆవిడ కళ్లజోడు గుడ్డతో తుడిచింది. కదల్లేదు. ఆ ఇంటాయన తమ్ముడే చేశాడని నేను, కాదు వంటమనిషేనని ఆవిడ. ఇంకా తేలలేదు.