కోటిపల్లి రైలు జవాబుల్లో దొరికిన ఇంగ్లీషు

నాకు ఇంగ్లీషు టెన్సులు పట్టుబడింది లోక్‌సభలో రైల్వే శాఖ ఇచ్చిన రాతపూర్వక జవాబులు చదివాకే. ప్రభుత్వం, రాజకీయాల గురించిన రాతలు చదువుతూ ఇంగ్లీషు నేర్చుకునే పద్ధతిని కొన్నేళ్లుగా వదలకుండా పట్టుకున్నాను. రాజ్యాంగం, పేపర్లలో రాజకీయ పేజీలు, సభా చర్చలు, ప్రశ్నోత్తరాలు అన్నీ వాడి చూశాను. గ్రూప్స్‌కి చదివే మా ఊరి పిల్లలు అడిగితే రాజ్యాంగం ఒక్కటి చాలని చెబుతూ వచ్చాను. ఇప్పుడైతే ప్రశ్నోత్తరాల పేరే ముందు చెబుతాను.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి టెన్సులంటే గోడకి అంటించిన పన్నెండు గళ్ల పట్టిక. పట్టిక నాకూ కంఠతా వచ్చు. ఎప్పుడు ఏ గడిలోంచి తీసుకోవాలో మాత్రం తెలిసేది కాదు. ‘మంజూరైంది’ అన్నా ‘ఖర్చయింది’ అన్నా మనకి క్రియ ఒకే తీరుగా ఉంటుంది. ఎప్పుడో పాతికేళ్ల కిందట ముగిసిపోయిన పనికీ, ఇవాళ్టిదాకా లెక్క సాగుతున్న పనికీ మనం రూపం మార్చం. ఇంగ్లీషువాడు మారుస్తాడు. ఆ తేడా ఎందుకో ఎంతమంది మాస్టార్లు చెప్పినా నా బుర్రకి ఎక్కలేదు.

మాది ముక్తేశ్వరం వైపు పల్లె. కాకినాడలో కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో కోటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి గౌతమి పాయ దాటేవాళ్లం. గౌతమిలో లేచిన రైలు వంతెన స్తంభాలు చూస్తూ దాటడమే. కోటిపల్లి–నరసాపురం లైను గురించి కోనసీమలో ఎవరికి తెలియదు చెప్పండి? 2000-01లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీదా వంతెనలు పడాలి. ఖర్చులో రాష్ట్రం తన వాటా పెట్టుకోవాలి. ఇదంతా మా ఇళ్లలో అన్నాలు తింటూ మాట్లాడుకునే సంగతే. ఒకసారి పార్లమెంటు సైటులో ఆ లైను పేరు కొట్టి వెతికితే, వేర్వేరు సంవత్సరాల్లో ఎంపీలు అడిగిన ప్రశ్నలూ, వాటికి మంత్రుల జవాబులూ వరసగా వచ్చాయి. అప్పటికి అవి నాకు రైలు కబుర్లు మాత్రమే. ఇంగ్లీషు కోసం తెరవలేదు.

చదువుతూ ఉంటే ఒకే జవాబులో మూడు టెన్సులు మూడు పనులు చేయడం కనిపించింది. సంవత్సరం చెప్పి మంజూరు సంగతి రాసిన చోట ‘వజ్ శాంక్షన్డ్’. ఇప్పటిదాకా ఇన్ని కోట్లు ఖర్చయిందనే చోట ‘హ్యాజ్ బీన్ ఇన్‌కర్డ్’. పని చేపట్టారనే చోట ‘హ్యాజ్ బీన్ టేకెన్ అప్’, అది నడుస్తోందని దాని పక్కనే ‘ఈజ్ ఇన్ ప్రోగ్రెస్’. ఏ ప్రాజెక్టయినా ఎప్పటికి పూర్తవుతుందన్నది ఫలానా ఫలానా వాటి మీద ఆధారపడుతుందనే చోట ఉత్త ‘డిపెండ్స్ ఆన్’. తేదీ ఉంటే ఒక రూపం, ఇప్పటిదాకా అనే అర్థం ఉంటే ఇంకో రూపం, ఎల్లప్పుడూ నిజమయ్యేదానికి మరో రూపం. కంఠతా పెట్టిన పట్టికలో గళ్లు ఎందుకున్నాయో ఆ సాయంత్రం తెలిసింది. అదే లైను మీద తర్వాతి సంవత్సరం జవాబు తీశాను. ఖర్చు అంకె మారింది, వాక్యం మారలేదు. అంతకుముందుది తీశాను, అదీ అంతే. ఒకే విషయం, ఒకే వాక్యం, కాలం ఒక్కటే ముందుకి జరుగుతోంది. ఏ గ్రామర్ పుస్తకమూ ఇలాంటి అభ్యాసం ఇవ్వదు, ఇవ్వలేదు కూడా. పుస్తకంలో ప్రతి వాక్యంలోనూ కొత్త మనిషి, కొత్త ఊరు ఉంటాయి. రామ్ యాపిల్ తిన్నాడో తింటున్నాడో మనకి పట్టదు. గౌతమి మీద వంతెన ఎంతవరకు వచ్చిందో మాకు పడుతుంది.

నా మెప్పంతా ఈ ఒక్క గుణం గురించే. విషయం ముందే తెలిసి ఉండటం వల్ల కళ్లు భాష మీద నిలుస్తాయి. కొత్త మాటలు కూడా అలాగే వచ్చాయి. రైలు పనులు ఎందుకు ఆలస్యమవుతాయో చెప్పే జవాబుల్లో ఒక పెద్ద జాబితా ఉంటుంది: భూసేకరణ, అటవీ అనుమతులు, పనికి అడ్డొచ్చే యుటిలిటీలు మార్చడం, నేల తీరు, శాంతిభద్రతలు, ఆ చోట ఏడాదికి పని చేయడానికి వీలయ్యే నెలలు. ‘వర్కింగ్ మంత్స్’ అన్నమాట చదవగానే నాకు అర్థం అడగాల్సిన పని పడలేదు. శ్రావణ భాద్రపదాల్లో గౌతమి ఎర్రగా పొంగి లంకలు మునిగితే ఏటిలో స్తంభం పని ఎవరు చేస్తారు? ‘ఇన్‌ఫ్రింజింగ్ యుటిలిటీస్’ అంటే దారికి అడ్డొచ్చే కరెంటు తీగలూ నీటి గొట్టాలూ అని పక్క మాటలే చెప్పేశాయి. ఇలా వచ్చిన మాటలు మళ్లీ పోవు.

ప్యాసివ్ వాయిస్ సంగతీ ఇంతే. బడిలో రాముడు రావణుని చంపెను, రావణుడు రామునిచే చంపబడెను అని చెప్పారు. అలా తెలుగులో ఎవరూ మాట్లాడరు కాబట్టి, ఇంగ్లీషులో మాత్రం ఎందుకు మాట్లాడతారో అర్థమయ్యేది కాదు. ప్రభుత్వ జవాబుల్లో చాలాచోట్ల ఆ రూపమే. సమాచారం సేకరించబడుతోంది, సభ ముందు ఉంచబడుతుంది. ‘ఈజ్ బీయింగ్ కలెక్టెడ్ అండ్ విల్ బి లెయిడ్ ఆన్ ద టేబుల్ ఆఫ్ ద హౌస్’ అనే వాక్యం పార్లమెంటు జవాబులు చదివే ఎవరికైనా నోటికి వస్తుంది. సేకరించేది ఫలానా గుమాస్తా అని చెప్పక్కర్లేని చోట, పని ముఖ్యమై మనిషి ముఖ్యం కాని చోట ఆ రూపం వస్తుంది. అయితే ఎవరు చేయాలో తప్పక చెప్పాల్సిన చోట కూడా ఆ రూపమే వాడితే, చదివేవాడు ఎవరిని అడగాలో తెలియక నిలబడిపోతాడు. ఈ రెండో సంగతి గమనించడం మొదలయ్యాక తెలుగు పేపర్లో ‘చర్యలు తీసుకోబడతాయి’ అని కనిపించినా, ఎవరు తీసుకుంటారని వెతకడం నాకు అలవాటైంది.

ఇంకో సంగతి చదివి సంతోషించాను. సభలో మంత్రి ‘ఈ విషయం పరిశీలనలో ఉంది’, ‘నేను చూస్తాను’ లాంటి మాటలు అంటే అవి హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి వాటిని రాసుకుంటుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పొడిగించమని అడగాలి. ‘ఐ షల్ లుక్ ఇంటు ఇట్’ అనే ఒక్క ఫ్యూచర్ టెన్సుకి అంత బాధ్యత ఉందని తెలిశాక ‘విల్’, ‘షల్’ రాసేటప్పుడు ఒక క్షణం ఆగుతున్నాను.

రాజ్యాంగం గురించి ఇదివరకు చెప్పినదాంట్లో చాలాభాగం ఇప్పటికీ నిజమే. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉన్న ప్రతి నా దగ్గరుంది. తెలుగు పక్క ఎంత బరువుగా ఉంటుందంటే, ఒక్కోసారి దాన్ని అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు పక్క చూడాలి. ‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో మనకి జన్మంతా తేలదు కదా, 12వ అధికరణం చదివితే కొంత తేలుతుంది. అక్కడ ‘ద స్టేట్’ అంటే కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వాలు, శాసనసభలు, స్థానిక సంస్థలు అన్నీ. అంటే మా గ్రామ పంచాయతీ కూడా. ‘ఎ స్టేట్’ అంటే ఆంధ్రప్రదేశ్ లాంటి ఒక రాష్ట్రం. చిన్న మాట మారితే అర్థం ఢిల్లీ నుంచి ముక్తేశ్వరం దాకా మారిపోతుంది. 243ఇ అధికరణంలో పంచాయతీ కాలపరిమితి అయిదేళ్లు అని చెప్పి, చివర ‘అండ్ నో లాంగర్’ (అంతకు మించి కాదు) అని మూడు మాటలు తగిలించారు. పొదుపుగా, గట్టిగా రాయడమంటే అదీ.

కానీ రాజ్యాంగం ఒక్కటే చదివితే వచ్చే ఇంగ్లీషులో జరిగిపోయిన కబురు చెప్పడం రాదు. అందులో వాక్యాలు చాలావరకు జరగాల్సినవే. ప్రశ్న వాక్యం ఒక్కటీ నాకు తగల్లేదు. ‘ఐ’ అనే మాట ప్రమాణ స్వీకార పాఠాల్లో తప్ప రాదు: రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నరు ప్రమాణాలు, మూడో షెడ్యూల్లో మంత్రులూ సభ్యులూ జడ్జీలూ చేసేవి. మనిషితో మనిషి మాట్లాడే భాష కాదది. చాలు అన్న మాటని అంతవరకు తగ్గించుకుంటున్నాను.

ఆ లోటుకి సభా చర్చలు కొంత పనికొచ్చాయి. అమలాపురం ఎంపీ బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల చర్చలతో మొదలుపెట్టాను, మనవాడన్న అభిమానంతో. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం 269కి 270తో వీగిపోయిన రోజు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా ఉన్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా లేదా అనే వాదన వచ్చినప్పుడు, నిర్ణయం ఆ సభ్యుడి విజ్ఞతకే వదిలారు. సభంతా అరుస్తున్నా కుర్చీలోంచి వచ్చేవి చిన్న వాక్యాలు: కూర్చోండి, మీ వంతు వస్తుంది, ఇది రికార్డులోకి వెళ్లదు. గట్టిగా ఉంటూనే మర్యాద తప్పని ఇంగ్లీషు ఎలా ఉంటుందో అక్కడ చూశాను.

ఇక దెబ్బతిన్న చోటు. భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఇచ్చిన పేరా తప్పుల్లేకుండా రాశాను. చేరిన కొత్తలోనే పై రాష్ట్రం నుంచి కొనుగోలుదారు ఫోన్ చేశాడు. షిప్‌మెంటు ‘పుట్ ఆఫ్’ అయిందన్నాడు, ఓడ ‘హెల్డ్ అప్’ అన్నాడు, కోల్డ్ స్టోరేజీతో ‘ఫాలో అప్’ చేసి ‘గెట్ బ్యాక్’ అవమన్నాడు. ఒక్కో మాటా విడిగా తెలిసిందే. కలిపి అన్నప్పుడు అర్థం అందలేదు. అడ్జర్న్, డిఫర్, పోస్ట్‌పోన్ నాకు తెలుసు, డిటెయిన్ తెలుసు. చట్టాల ఇంగ్లీషు అలాంటి బరువైన ఒంటి మాటల్నే ఎంచుకుంటుంది. ఫోన్లో మాట్లాడేవాళ్లు చిన్న క్రియకి చిన్న తోక తగిలించి పని కానిస్తారు. ఇన్నాళ్లు చదివిన వాటిలో ఆ రకం మాటలు ఎంత తక్కువో అప్పుడు తెలిసింది. మెసేజ్ పెట్టమని అడిగాను, అతను పెట్టాడు, పక్క సీటావిడ అర్థం చెప్పింది: షిప్‌మెంటు వాయిదా పడిందట, ఓడ ఎక్కడో ఆగిపోయిందట, కోల్డ్ స్టోరేజీ వాళ్ల వెంటపడి కనుక్కుని తిరిగి చెప్పమన్నాడట. నేను రాసిన జవాబులో ‘ద డిటెయిల్స్ దేరాఫ్’ (దాని వివరాలు) అని ఉంటే మేనేజరు గారు తీయించేశారు. మా ఆఫీసులో ఎవరూ అలా రాయరట.

ఆ లోటు ఇంకా పూర్తిగా తీరలేదు. ఇంగ్లీషు పేపర్ల రాజకీయ వార్తల్లో వాక్ అవుట్, స్టెప్ డౌన్, టర్న్ డౌన్, కాల్ ఆఫ్ లాంటివి దొరుకుతాయి కాబట్టి రోజూ ఒక వార్త బిగ్గరగా చదువుతున్నాను. శీర్షికలు మాత్రం పక్కన పెట్టమంటాను. వాటిలో ‘ఎ’, ‘ద’ ఎగిరిపోతాయి, నిన్న జరిగింది కూడా ప్రెజెంట్ టెన్సులో ఉంటుంది. పునాది గట్టిపడనివాళ్లకి అవి చేటే.

కాబట్టి నా మాట ఇది, నా పరిస్థితికి సరిపడినంత వరకే. నాలా చిన్నప్పట్నుంచి ఇంటికొచ్చే పేపరు చదివి రాజకీయాలు వంటబట్టినవాళ్లకీ, గ్రూప్స్‌కో సచివాలయం ఉద్యోగానికో చదివేవాళ్లకీ ప్రశ్నోత్తరాలు నిజంగా మేలు చేస్తాయి. తమ ఊరి సంగతి ఉన్న జవాబుతోనే మొదలుపెట్టాలి, ఎక్కడో ముంబై మెట్రోతో కాదు. రాజోలు వైపు నుంచి కువైట్, ఖతర్ వెళ్లే అక్కచెల్లెళ్లకి ఇది చెప్పను. వాళ్లకి కావాల్సింది మాట్లాడే ఇంగ్లీషు, అదీ తొందరగా. మా పిన్ని కూతురు వెళ్లేటప్పుడు మాట్లాడటం నేర్పే చోటికే పంపాం, అదే మంచిదైంది.

మా వదిన కూతురు ఇంటర్ చదువుతోంది. రాజకీయాలంటే దానికి ఆసక్తి లేదు, ఇంట్లో కొబ్బరి ధర గురించి మాత్రం అన్నీ తెలుసు. కొబ్బరి మద్దతు ధర మీద వచ్చిన ప్రశ్నోత్తరాలు కొన్ని ప్రింటు తీసి ఇచ్చాను. ప్రశ్నలన్నీ ‘విల్ ద మినిస్టర్ బి ప్లీజ్డ్ టు స్టేట్’ (మంత్రి గారు దయచేసి చెబుతారా) అని మొదలవడం చూసి ఎందుకలా అని అడిగింది, చెప్పాను. ఇప్పుడు జవాబుల్లో తేదీలున్న వాక్యాల కింద ఒక రంగు, లేని వాక్యాల కింద ఇంకో రంగు గీతలు గీస్తోంది. పనికొచ్చిందో లేదో దాని పరీక్షలయ్యాక చెప్పగలను.