కొత్త పెట్టె అమ్మకుండా వైఫై బాగుచేశారు: హన్మకొండ నెట్‌వర్కింగ్ సేవపై సమీక్ష

నయీంనగర్‌లో మా కుటుంబం నడుపుతున్న స్టడీ హాల్‌కు, దాని పైనున్న రెండంతస్తుల హాస్టల్‌కు వైఫైని సరిచేసి ఇచ్చిన హన్మకొండకు చెందిన ఒక చిన్న నెట్‌వర్కింగ్ బృందం పనితీరును ఇక్కడ సమీక్షిస్తున్నాను. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు కొలువులకు చదివే పిల్లలు సాయంత్రం ఏడు దాటాక అందరూ ఒకేసారి వీడియో పాఠాలు పెట్టుకునేవారు. ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించేవి, పాఠం మాత్రం ముందుకు కదిలేది కాదు. అంతకుముందు పరికరాలు బిగించినవారు ప్రతిసారీ చెప్పిన మందు ఒక్కటే, ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్‌ను పంచే పెట్టె) కొనమని. అలా మూడున్నవి ఆరయ్యాయి, ఇబ్బంది తగ్గకపోగా పెరిగింది. ఈ బృందం ఒక్క కొత్త పెట్టె కూడా అమ్మకుండా ఆ ఆరింటితోనే పని జరిపించింది. నేను వారికి మంచి మార్కులు వేయడానికి మొదటి కారణం అదే.

వారు చేసిన పని విలువ తెలియాలంటే వైఫై నడిచే తీరు కొంత తెలియాలి. ఏ వైఫై పరికరమైనా ప్రసారం చేసే ముందు గాలిలో ఇంకెవరైనా ప్రసారం చేస్తున్నారేమోనని వింటుంది. అదే ఛానల్‌లో, అంటే గాలిలోని అదే దారిలో, మరో వైఫై ప్రసారం మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత; మైనస్ పక్క అంకె పెరిగిన కొద్దీ బలం తక్కువ) అంత బలహీనంగా వినిపించినా సరే, అది ముగిసేదాకా ఆగిపోతుంది. మా హాస్టల్‌లో జరిగింది ఇదే. కింది అంతస్తులోని యాక్సెస్ పాయింట్ మాట్లాడితే పై అంతస్తులోది ఆగేది. నిజానికి రెండూ ఒకేసారి ప్రసారం చేసినా నష్టం ఉండేది కాదు, ఎందుకంటే తన గదిలోని యాక్సెస్ పాయింట్ సిగ్నల్ దూరపు ప్రసారం కన్నా తగినంత బలంగా ఉంటే ఫోను దాన్ని చక్కగా చదువుకోగలదు. ఒకే ఛానల్‌ను ఒకే సమయంలో ఒకే భవనంలో వేర్వేరు చోట్ల వాడుకోవడాన్నే స్పేషియల్ రీయూజ్ అంటారు. అది కుదరనంతకాలం ఎన్ని పెట్టెలు తగిలించినా వరుసలో నిలబడేవారు పెరుగుతారు తప్ప పని వేగం పెరగదు.

బృందంలోని సాంకేతిక నిపుణుడు ముందుగా ఏ తీగనూ ముట్టుకోలేదు. ఫోనులో సిగ్నళ్ల బలం చూపే అనలైజర్ యాప్ తెరిచి, స్టడీ హాల్ చివరి వరుసలో స్తంభం పక్కనున్న బల్ల దగ్గర నిలబడి, అక్కడికి ఏ యాక్సెస్ పాయింట్ ఎంత బలంతో వస్తున్నదో కాగితం మీద రాసుకున్నారు. ఎదురుగా ఉన్నది మైనస్ 48 చూపింది, పై అంతస్తుది మైనస్ 67 చూపింది. మైనస్ 82 గీతకు అది ఎంతో పైన ఉందని, అందుకే రెండూ ఒకదానికోసం ఒకటి ఆగుతున్నాయని ఆ అంకెలతోనే నాకు అర్థమయ్యేలా చెప్పారు.

మా ఆరింటిలో నాలుగు ఒకే ఛానల్ మీద, 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, పూర్తి శక్తితో నడుస్తున్నాయి. ఛానల్ వెడల్పు పెరిగితే ఒక్క ఫోనుకు వేగం పెరుగుతుంది గానీ, దొరికే వేర్వేరు ఛానళ్లు తగ్గుతాయి. మన దేశంలో 2018లో వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ తరంగాల పరిధిలో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించారు. అయితే రాడార్లను కనిపెట్టి తప్పుకోవలసిన మధ్య ఛానళ్లను పక్కనపెడితే 80 వెడల్పుతో దొరికేవి రెండే, అదే 20 వెడల్పుతో అయితే కనీసం తొమ్మిది దొరుకుతాయి. వెడల్పును 20కి తగ్గించి ఆరింటికీ ఆరు వేర్వేరు ఛానళ్లు కేటాయించారు. ప్రసార శక్తిని 20 డీబీఎం నుంచి 14కు, అంటే 100 మిల్లీవాట్ల నుంచి సుమారు 25కు దించారు. కారిడార్‌లో ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్న రెండింటిని విప్పి గదుల్లోకి మార్చారు. ఇటుక గోడ అడ్డం రావడమే ఇక్కడ మేలు చేసింది. వైఫై వాడే మరో పరిధి అయిన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే కనుక ఆరింటిలో మూడింటికి ఆ పరిధి రేడియోను పూర్తిగా ఆపేశారు. మేము గొప్పగా పెట్టుకున్న మూడు వైఫై పేర్లను ఒక్కటి చేశారు. ప్రతి పేరుకూ ‘నేనిక్కడ ఉన్నాను’ అంటూ సెకనుకు దాదాపు పదిసార్లు గాలిలోకి వెళ్లే ప్రకటనలు అతి తక్కువ వేగంతో వెళ్తూ ఎంత సమయం తినేస్తాయో అంతవరకు మాకెవరూ చెప్పలేదు.

పరికరాల డబ్బా మీద రాసి ఉండే బీఎస్ఎస్ కలరింగ్ (పక్కవారి నెట్‌వర్క్‌ను గుర్తుపట్టే సదుపాయం) గురించి వారు చెప్పిన నిజం నాకు మరింత నచ్చింది. 2021లో ఆమోదం పొందిన 802.11ఏఎక్స్ ప్రమాణం, అంటే వైఫై 6, ప్రతి నెట్‌వర్క్‌కు 1 నుంచి 63 వరకు ఒక సంఖ్యను ఇస్తుంది. వినిపించిన ప్రసారం సంఖ్య వేరుగా ఉంటే అది పక్కవారిదని గుర్తించి, ఆగవలసిన హద్దును మైనస్ 82 నుంచి మైనస్ 62 దాకా పెంచుకోవచ్చు. అయితే హద్దును పెంచిన కొద్దీ తన ప్రసార శక్తిని తగ్గించుకోవాలన్నది షరతు. పాత ఫోన్లకు ఈ సంఖ్య చదవడమే రాదు, మా పిల్లల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా అవే. కాబట్టి ఆ సదుపాయాన్ని ఆన్ చేసి ఉంచారు గానీ దాని పేరు చెప్పి ఒక్క రూపాయి అదనంగా అడగలేదు. డబ్బా మీది ఆ మాట చూసి పరికరాలు మార్చాలనుకునేవారు ముందుగా తమ ఇంట్లోని ఫోన్లు వైఫై 6వేనా అని చూసుకోవాలి.

గోడ పక్కనే ఉన్న మరో హాస్టల్ సిగ్నల్ మా రెండో అంతస్తులోకి బలంగా వస్తుండేది. అది మా ఒప్పందంలో లేని పని. అయినా ఆ సాంకేతిక నిపుణుడు వెళ్లి అక్కడి నిర్వాహకునితో మాట్లాడారు.

“మాకు సిగ్నల్ తక్కువ కాదుగద తమ్మీ?” అని ఆయన అనుమానపడితే, “కాదన్నా. మీ రౌటర్ గట్టిగ అరుస్తుంటే సార్ వాళ్ల పిల్లలే కాదు, మీ పిల్లలు గూడ ఆగాల్సొస్తది. ఇద్దరు మెల్లగ మాట్లాడుకుంటె ఇద్దరి పని ఒక్కసారే అయితది” అని ఒప్పించి, ఆయన ఎదురుగానే శక్తిని, వెడల్పును తగ్గించారు. ఇంత దగ్గర దగ్గరగా భవనాలున్న చోట ఒక్క ఇంటి అమరికతో సమస్య సగమే తీరుతుంది. ఈ చొరవకు నేను వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞుణ్ణి.

లోపాలు కూడా ఉన్నాయి. శక్తి తగ్గించాక మెట్ల కింది గదిలో ఇనుప బీరువా వెనుక సిగ్నల్ దాదాపు పోయింది, దాన్ని సరిచేయడానికి రెండుమూడుసార్లు ఫోను చేయవలసి వచ్చింది. కొన్ని పాత ఫోన్లు అంతస్తు మారినా మునుపటి యాక్సెస్ పాయింట్‌నే పట్టుకుని వేలాడుతున్నాయి. ఇది చాలావరకు ఫోను చేతిలో ఉన్న నిర్ణయం కనుక వారిని పూర్తిగా తప్పు పట్టలేను, కానీ ఆ సంగతి ముందే చెప్పి ఉండవలసింది. ఒక్క ఫోనులో వేగం కొలిచి చూస్తే మునుపటి కన్నా తక్కువ అంకె వస్తుంది. 80 వెడల్పు పోయింది కనుక అది సహజం. హాలంతా నిండిన సాయంత్రం వేళ మాత్రం పాఠాలు ఆగకుండా నడుస్తున్నాయి, మాకు కావలసింది అదే.

కూలి కొంచెం ఎక్కువే అనిపించినా, కొనకుండా మిగిలిన పరికరాల ఖర్చుతో పోలిస్తే నాకు భారం కాలేదు. ఏ గదిలో ఏ ఛానల్, ఎంత శక్తి అన్నది రాసిన పటాన్ని పరికరాలు ఉంచిన రాక్ తలుపు లోపల అంటించి ఇచ్చారు. అన్ని యాక్సెస్ పాయింట్లనూ ఒకే చోటి నుంచి నడిపే కంట్రోలర్ పాస్‌వర్డ్ మాత్రం అడిగితేనే ఇచ్చారు, కాబట్టి వారిని పిలిచేవారు బిల్లు కట్టేముందే దాన్ని రాయించుకోవాలి.