రూల్స్ కార్డులు: కొన్నవీ, అరండల్‌పేటలో వేయించుకున్నవీ

డీ అండ్ డీకి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట) రూల్స్ కార్డులు, అంటే ఆట రూల్స్ ముక్కలుగా రాసిన చిన్న కార్డులు, కొనమంటారా అని ఎవరడిగినా నేను ఎదురు రెండు ప్రశ్నలు వేస్తాను. మీ టేబుల్ దగ్గర మంత్రాలు వేసేవాళ్ళు ఎందరు? మీరు ఆడేది 2014 రూల్స్ పుస్తకంతోనా, 2024 పుస్తకంతోనా? ఈ రెండూ తేల్చుకోకుండా కొంటే ఆ డబ్బా అటకెక్కడం ఖాయం.

మా ఆట గుంటూరు బ్రాడీపేటలో, మేడ మీద గదిలో, ఆదివారం భోజనాలయ్యాక మొదలవుతుంది. నేను డీఎంని, అంటే డంజన్ మాస్టర్‌ని. మా తోడల్లుడు బార్బేరియన్ (కోపంతో కొట్లాడే యోధుడు), మా మేనకోడలు విజర్డ్ (మాంత్రికురాలు), హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి), బెజవాడ నుంచి రైల్లో వచ్చే కుర్రాడు రోగ్ (దొంగ). ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతా. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో బయటికి తెచ్చిన ఆట ఇది. కథ డీఎం నడుపుతాడు, మిగతావాళ్ళు తలో పాత్ర పట్టుకుని ‘నేనిది చేస్తా’ అంటారు, అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పాచిక పడ్డాక ఏం జరగాలో పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం 2014లో 320 పేజీలు, 2024లో 384. యుద్ధం మధ్యలో నేను పేజీలు తిప్పుతూ కూర్చుంటే మా తోడల్లుడు ఫోన్ తీస్తాడు. ఫోన్ తీసిన మనిషిని మళ్ళీ కథలోకి లాక్కురావడం ఎంత కష్టమో డీఎంలకు చెప్పక్కర్లేదు.

నేను వాడినవి రెండు రకాలు. ఒకటి, ఆన్‌లైన్లో తెప్పించిన డబ్బా. అందులో కండిషన్ కార్డులు, యుద్ధంలో చేసే పనుల కార్డులు, విజర్డ్ మంత్రాల కార్డులు ఉన్నాయి. అమ్మినవాళ్ళ పేరు రాయను, నేను చెప్పబోయే లోపాలు చాలా సెట్లలో ఉండేవే. రెండోది, అరండల్‌పేటలో శుభలేఖలు వేసే ప్రెస్సులో నేనే వేయించుకున్న కట్ట.

ముందు కండిషన్ కార్డులు. వీటికి నా ఓటు కళ్ళు మూసుకుని వేస్తా. కండిషన్ అంటే ఆటలో పాత్ర పడే స్థితి; ఐదో ఎడిషన్‌లో (2014, 2024 పుస్తకాలు రెండూ దానివే) అవి పదిహేను: బ్లైండెడ్, చార్మ్‌డ్, ప్రోన్ (కింద పడి ఉండటం), రిస్ట్రెయిన్డ్, స్టన్డ్, ఇలా. రోగ్‌కి విషపు బాణం తగిలిందనుకోండి, ‘పాయిజన్డ్’ కార్డు తీసి అతని ముందు పెట్టేస్తాను. అటాక్ రోల్స్‌కీ (కొట్టడానికి వేసే పాచిక) ఎబిలిటీ చెక్స్‌కీ (ఏదైనా పని చేయడానికి వేసేది) డిసడ్వాంటేజ్, అంటే పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం, అంతే, రెండు లైన్లు. కార్డు లేనప్పుడు ఏమయ్యేదంటే, రెండు రౌండ్లు హాయిగా కొట్టేశాక ‘అవునూ, నాకు విషం ఎక్కింది కదండీ’ అని గుర్తొచ్చేది. అప్పుడు వెనక్కెళ్ళి లెక్కలు సరిచేయాలా వద్దా అని ఇంకో పంచాయతీ. రూలు చదవడానికి కాదు ఈ కార్డు, అది ఇంకా నెత్తిమీద ఉందని గుర్తుండటానికి. డీఎం స్క్రీన్ (నేను నా ముందు నిలబెట్టుకునే అట్ట) మీద కూడా ఇవన్నీ ఉంటాయిగా అంటారు కొందరు. ఉంటాయి, కానీ నా వైపున. దెబ్బ తిన్నవాడికి కనపడేది స్క్రీన్ అవతలి వైపు బొమ్మే.

అన్నిట్లోకీ పనికొచ్చేది మాత్రం కాన్సన్‌ట్రేషన్ కార్డు. కాన్సన్‌ట్రేషన్ మంత్రం అంటే ధ్యాస పెట్టి నిలబెట్టుకోవాల్సినది; విజర్డ్ ఒకసారికి అలాంటిది ఒక్కటే నిలబెట్టగలదు. అందుకని ఒక్కో మాంత్రికుడికి ఒక్కటే కార్డు ఇస్తాను. ఆ కార్డు ‘వెబ్’ మంత్రం కార్డు మీద పెట్టి ఉండగా ‘హేస్ట్’ మంత్రం వేయాలంటే దాని మీదకి మార్చాలి, మార్చగానే వెబ్ పోయింది. నేను నోరు విప్పక్కర్లేదు. కింద సేవింగ్ త్రో (గండం తప్పించుకోడానికి వేసే పాచిక, పొట్టిగా సేవ్) లెక్క కూడా రాసి ఉంటుంది: దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్, డీసీ (పాచిక అందుకోవాల్సిన అంకె) 10 లేదా తగిలిన డ్యామేజీలో సగం, రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఇరవై రెండు తగిలితే పదకొండు. మా మేనకోడలు ఇప్పుడు నేనడగక ముందే పాచిక వేసేస్తోంది.

ఇక కొన్న డబ్బాలో నాకు నచ్చనిది చెబుతా. కార్డు చిన్నది కాబట్టి రూలుని కుదించాలి, నిజమే. కానీ వాళ్ళు కోసేసిన లైను సరిగ్గా మనకి కావాల్సిన లైను అవుతుంది. ఓగర్ అనే రాక్షసుడితో కొట్లాటలో ఇది బయటపడింది. మా తోడల్లుడి బార్బేరియన్‌కి ఐదో లెవెల్లో ఒక టర్న్‌కి రెండు అటాకులు. మొదటి దాంతో ఓగర్‌ని పట్టుకున్నాడు, రెండో దాంతో తోసి పడగొట్టాడు. నేను ఓగర్ బొమ్మ పక్కన రెండు కార్డులు పెట్టాను. ‘గ్రాపుల్డ్: స్పీడ్ 0’. ‘ప్రోన్: లేవడానికి స్పీడ్‌లో సగం ఖర్చు’. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి కలిపి చదివే మనిషి ఒకాయన ఉన్నారు మా బల్ల దగ్గర.

“నాయనా, సున్నాలో సగం ఎంత?” అన్నారు మాస్టారు.

“సున్నా అండి.”

“మరి లేవడానికి ఖర్చే లేదు కదా. ఓగర్ లేచి నిలబడొచ్చు.”

“మాస్టారూ, మీరు ఎవరి పక్షమండీ?” అని మా తోడల్లుడు గోల.

కార్డు ప్రకారం మాస్టారి లెక్కే కరెక్టు. పుస్తకం ప్రకారం కాదు. స్పీడ్ సున్నా అయితే లేవడానికి వీల్లేదని పుస్తకంలో విడిగా ఒక వాక్యం ఉంది. 2014 పుస్తకంలో అది కండిషన్ల దగ్గర కాకుండా నడక, కదలికల రూల్స్ దగ్గర ఉంటుంది, అందుకే కార్డులు చేసేవాళ్ళ కంటపడదు. 2024లో దాన్ని ప్రోన్ కిందకే తెచ్చి పెట్టారు, మంచి పని చేశారు. మీరు ఏ కంపెనీ సెట్టు కొంటున్నా ముందు ప్రోన్ కార్డు ఫొటో చూడండి. అందులో ఈ వాక్యం ఉంటే ఆ సెట్టు చేసినవాళ్ళు ఆట ఆడినవాళ్ళే.

మంత్రాల కార్డుల సంగతి వేరు. మా మేనకోడలికి వీటి మీద వల్లమాలిన ప్రేమ. ఐదో లెవెల్ విజర్డ్‌గా తొమ్మిది మంత్రాలు సిద్ధం చేసుకుంటుంది, ఆ తొమ్మిదీ పేకముక్కల్లా చేతిలో పట్టుకుంటుంది, మిగతావి డబ్బాలో. లాంగ్ రెస్ట్ (పాత్రల రాత్రి నిద్ర) అయ్యాక అందులోంచి ఏరుకుని మార్చుకోవడం, ‘మావయ్యా, రేపు ఫైర్‌బాల్ తీసెయ్యనా’ అని బేరాలు. ఆ కార్డు చక్కగా కుదిరింది: 150 అడుగుల దూరం, 20 అడుగుల వ్యాసార్థం, ఎనిమిది డీ6లు (ఆరు ముఖాల పాచికలు), డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్ అయితే సగం. ఒక్క చూపులో పని అయిపోతుంది. ఇలాంటి తిన్నని మంత్రాలకి కార్డుని మించింది లేదు.

భ్రమలు పుట్టించేవీ, ఏదైనా పిలిపించేవీ వచ్చేసరికి అక్షరాలు చీమల్లా అయిపోతాయి. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కార్డుని ముక్కు దగ్గర పెట్టుకుని, చివరికి “పుస్తకమే ఇవ్వు నాయనా” అంటారు. పైగా ఆయన క్లెరిక్. క్లెరిక్ తన లిస్టులో ఏ మంత్రాన్నైనా రోజూ మార్చుకోవచ్చు, కాబట్టి మొత్తం లిస్టుకీ కార్డులుండాలి. విజర్డ్ డబ్బా ఆయనకి పనికిరాదు, విడిగా ఇంకోటి కొనాలి. బార్బేరియన్‌కీ మామూలు రోగ్‌కీ అసలు అక్కర్లేదు. టేబుల్ మీద ఒక్క మాంత్రికుడుంటే ఆ డబ్బు అతనే పెట్టుకోవడం న్యాయం.

పాత రూల్స్, కొత్త రూల్స్ కలిసిపోవడం అన్నిటికన్నా పెద్ద చిక్కు. డబ్బా మీద ‘ఐదో ఎడిషన్’ అని ఉంటే సరిపోదు, రెండూ అదే పేరు మీద నడుస్తాయి. ఎగ్జాషన్ (అలసట) చూడండి. 2014లో ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకి ఒక్కో శిక్ష, పట్టిక లేకుండా ఎవరికీ గుర్తుండదు. 2024లో మెట్టుకి డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద రెండు తగ్గింపు, స్పీడ్ ఐదు అడుగులు తగ్గింపు, ఆరో మెట్టుకి చావు. ఇంత తేలికైంది కాబట్టి కొత్త కార్డు చిన్నదిగా, బాగా ఉంటుంది. పాత కార్డు చేతికిచ్చి కొత్త పుస్తకంతో ఆడితే మాత్రం ఒకడు పరిగెత్తుతుంటే ఇంకొకడు పాకుతుంటాడు. సర్‌ప్రైజ్ (ఏమరుపాటున దాడికి దొరకడం) కూడా అంతే: అప్పట్లో మొదటి టర్న్ పోయేది, ఇప్పుడు ఇనిషియేటివ్‌కి (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) డిసడ్వాంటేజ్ మాత్రమే.

ఇవన్నీ చూశాకే సొంతంగా వేయించుకున్నాను. దొంగతనం ఏమీ లేదు. 2023 జనవరిలో పాత రూల్స్ మూలపాఠం, ఎస్‌ఆర్‌డీ 5.1, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు, 2025లో కొత్తదానికి 5.2 వచ్చింది. ఎక్కడిదో చెప్పే లైను ఒకటి వేస్తే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు. పుస్తకంలోని మంత్రాలన్నీ అందులో లేవు, అది మాత్రం గుర్తుంచుకోండి.

సైజు 63 ఇంటూ 88 మిల్లీమీటర్లు పెట్టాను, ట్రేడింగ్ కార్డుల స్లీవ్‌లు దానికి సరిపోతాయి కాబట్టి. ఏ4 షీటుకి తొమ్మిది పడతాయి. 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. గ్లాసీ వద్దు, ట్యూబ్‌లైట్ వెలుగు పడి సగం అక్షరాలు కనపడవు. ఇంకో విషయం, మా ఊళ్ళో మే నెలలో ఫ్యాను ఐదు మీద తిరక్కపోతే ఆ మేడ గదిలో మనిషి కూర్చోలేడు, పల్చటి కాగితమైతే గ్రాపుల్డ్ కార్డు ఎగిరి రోగ్ ఒళ్ళో పడుతుంది. బజ్జీల నూనె చేతులకి కూడా లామినేషనే దిక్కు. మూలలు గుండ్రంగా కొట్టించాలి, విజిటింగ్ కార్డులు చేసే చోట ఆ మిషను ఉంటుంది. ప్రెస్సులో డిజైన్ చూసే అబ్బాయి ఫైలు తెరిచి, “ఏందండీ ఇది, కొత్త రకం పేకా?” అన్నాడు. మా ఇంటి ఓనరు గారికీ అదే అనుమానం. ఆదివారం తలుపులేసుకుని, బల్ల మీద ముక్కలూ పాచికలూ పెట్టుకుని కూర్చుంటే ఆయన్ని తప్పుపట్టలేం. ఓసారి పిలిచి ఫ్రైటెన్డ్ కార్డు చదివి వినిపించాను. ఆయనకి ఏమర్థమైందో గానీ మళ్ళీ తలుపు కొట్టలేదు.

డబ్బు సంగతికొస్తే, బయటి నుంచి తెప్పించిన డబ్బాకి డెలివరీతో కలిపి వేలల్లో అయింది. ఇక్కడి కట్టకి అయింది వందల్లోనే. అయితే డబ్బాలో బొమ్మలుంటాయి, రంగులుంటాయి, వెనక వైపు డిజైను ఉంటుంది. నావి తెల్ల కార్డు మీద నల్ల అక్షరాలు, పైన కండిషన్ పేరు పెద్దగా. కొత్తగా ఆటలోకి వచ్చే పిల్లలకి బొమ్మలున్నవే నచ్చుతాయి, అందుకని కానుకగా ఇవ్వాలంటే కొన్నదే ఇవ్వండి. మీ టేబుల్‌కైతే ముందు పదిహేను కండిషన్లు, మాంత్రికుడికొకటి చొప్పున కాన్సన్‌ట్రేషన్, కవర్‌కి ఒకటి (సగం చాటుకి ఏసీ, అంటే దెబ్బ తగలనివ్వని అంకె, ప్లస్ 2, ముప్పాతిక చాటుకి ప్లస్ 5) వేయించుకుని కొన్నాళ్ళు ఆడి చూడండి. మంత్రాల డబ్బా తర్వాత.

నా కట్టలో ఒక్క కార్డు మాత్రం ఇంకా తేలలేదు, అది గ్రాపుల్ (ఎదుటివాణ్ణి పట్టుకోవడం). పాత పద్ధతిలో ఇద్దరూ పాచిక వేసి పోటీ పడేవాళ్ళు, రేజ్‌లో (కోపావేశంలో) ఉన్న బార్బేరియన్‌కి ఆ అథ్లెటిక్స్ (కండబలం) చెక్ మీద అడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకునే వీలు, వచ్చేది. కొత్త పద్ధతిలో పాచిక వేసేది ఎదుటివాడు: స్ట్రెంగ్త్ లేదా డెక్స్‌టెరిటీ సేవ్, మా తోడల్లుడి లెక్కకి డీసీ 15. రేజ్ వల్ల పైసా లాభం లేదు. మిగతా అన్నిటికీ 2024కి సై అన్న మనిషి, దీనికి మాత్రం ఒప్పుకోవడం లేదు. అందుకని ఆ కార్డు ఒక వైపు పాతది, ఇంకో వైపు కొత్తది వేయించాను. వచ్చే ఆదివారం ఓటింగు. మాస్టారు మాత్రం ఓగర్‌కి కూడా ఓటుండాలంటున్నారు.