మేనేజర్‌ని సాగనంపాలా, ఉంచాలా? ఏది మేలు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఏ పెద్ద జట్టైనా వరుసగా నాలుగు మ్యాచులు ఓడిందంటే చాలు, నా ఫోన్‌కి అదే ప్రశ్న వస్తుంది. "ఇక మేనేజర్‌ని తీసేయాల్సిందేనా? ఇంకొన్నాళ్లు చూడాలా?" (అక్కడ మేనేజర్ అంటే జట్టుని నడిపే ప్రధాన కోచ్.) అడిగేవాళ్లలో మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులున్నారు, టాటెన్‌హామ్ వాళ్లున్నారు, చెల్సీ వాళ్లున్నారు. నేను ఆర్సెనల్ మనిషిని. ఈ ప్రశ్నతో నేనూ రెండు చలికాలాలు నిద్ర పాడుచేసుకున్నాను. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ఓపిక పట్టమనేవాళ్లందరూ చెప్పే మాంచెస్టర్ యునైటెడ్ మాజీ మేనేజర్ ఫెర్గూసన్ పేరు ముందుగా పక్కన పెట్టేద్దాం. 1986 నవంబరులో వచ్చారు, 1989-90లో లీగ్‌లో 13వ స్థానం, ఆ ఏడాది ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్‌లో నాకౌట్ పోటీ), 1993లో మొదటి లీగ్ టైటిల్. అంతా నిజమే. కానీ ఓపిక పట్టి, పట్టి చివరికి మునిగిపోయిన క్లబ్బుల కథలు ఎవరూ చెప్పుకోరు. గెలిచిన ఒక్క ఉదాహరణే అందరి నోటా ఉంటుంది. దాని మీద వాదన నిలబెట్టలేం.

అందుకే నేను ఒకే సీజన్ తీసుకుంటాను: 2022-23 ప్రీమియర్ లీగ్. ఇంగ్లండ్‌లో పై డివిజన్ ఇదే: ఇరవై జట్లు, ఒక్కోదానికి 38 మ్యాచులు, గెలుపుకి మూడు పాయింట్లు, చివరి మూడు జట్లు కింది డివిజన్‌కి పడతాయి (అదే రెలిగేషన్). ఆ ఏడాది ఉంచినవాళ్లు, ముందే తీసేసినవాళ్లు, ఆలస్యంగా తీసేసినవాళ్లు అందరూ పక్కపక్కనే కనిపిస్తారు. పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి సీజన్ నాకు గుర్తు లేదు.

2022 అక్టోబర్ 3, సోమవారం. మనకి అర్ధరాత్రి దాటాక మొదలైన మ్యాచ్. లెస్టర్ మైదానంలో లెస్టర్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ పోటీ. లెస్టర్‌కి అప్పటికి ఏడు మ్యాచుల్లో ఒకే ఒక్క పాయింట్. ఫారెస్ట్‌కి నాలుగు. ఓడినవాడి ఉద్యోగం పోతుందని అందరూ అనుకున్నారు. లెస్టర్ 4-0తో గెలిచింది. ఇప్పుడు ఇద్దరి దగ్గరా నాలుగేసి పాయింట్లు, గోల్ తేడా వల్ల ఫారెస్ట్ అట్టడుగున.

ఆ వారంలోనే ఫారెస్ట్ యాజమాన్యం ఎవరూ ఊహించని పని చేసింది. స్టీవ్ కూపర్‌ని తీసేయకపోగా, 2025 వరకు కొత్త కాంట్రాక్ట్ ఇచ్చింది. 23 ఏళ్ల తర్వాత ఆ క్లబ్బుని పై డివిజన్‌కి తెచ్చినవాడు కూపర్. ఆ వేసవిలో ఇరవై మందికి పైగా కొత్త ఆటగాళ్లొచ్చారు, ఒకరి పేరు ఒకరికి అలవాటయ్యే లోపే సీజన్ మొదలైపోయింది. అంతమంది కొత్తవాళ్ల మధ్య మేనేజర్ కూడా కొత్తవాడైతే ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరిని చూసి ఎవరు కుదురుకుంటారు? కూపర్‌కి మంచి సీజనేం కాదది, మధ్యలో చాలాసార్లు మళ్లీ ఇదే చర్చ వచ్చింది. అయినా 38 పాయింట్లతో 16వ స్థానంలో బయటపడ్డారు. మే 20న అవోనియి గోల్‌తో ఆర్సెనల్‌ని 1-0తో ఓడించి మరీ బయటపడ్డారు. మా టైటిల్ ఆశ ముగిసింది కూడా ఆ మ్యాచ్‌తోనే. అందుకే ఆ తేదీ నాకు ఇంత బాగా గుర్తు.

లెస్టర్ కూడా బ్రెండన్ రోడ్జర్స్‌ని ఉంచింది. 2021లో ఎఫ్‌ఏ కప్ తెచ్చినవాడు, రెండుసార్లు ఐదో స్థానంలో నిలబెట్టినవాడు. ప్రపంచ కప్ విరామం వచ్చేసరికి జట్టు 13వ స్థానానికి ఎక్కింది. ఆ రోజు అడిగితే ఉంచడమే సరైన పని అనేవాళ్లం అందరం. జనవరి తర్వాత మళ్లీ జారడం మొదలైంది. చివరికి ఏప్రిల్ 2న, పది మ్యాచులు మిగిలి ఉండగా, 28 మ్యాచుల్లో 25 పాయింట్లతో 19వ స్థానంలో ఉన్నప్పుడు తీసేశారు.

చాలామంది ఇక్కడ "ఆలస్యం చేశారు" అని ఆగిపోతారు. ఆలస్యం మాట నిజమే. కానీ అసలు దెబ్బ ఆ తర్వాతి వారంలో తగిలిందని నా నమ్మకం. తీసేసిన రోజున తర్వాత వచ్చేది ఎవరో లెస్టర్ దగ్గర జవాబు లేదు. సొంత మైదానంలో రెండు మ్యాచులు తాత్కాలిక కోచ్‌లతో ఆడారు. ఏప్రిల్ 4న ఆస్టన్ విల్లా చేతిలో 2-1, ఏప్రిల్ 8న తమతో పాటే కింద కొట్టుకుంటున్న బోర్న్‌మత్ చేతిలో 1-0. రెండూ ఓటమే. డీన్ స్మిత్ వచ్చేసరికి ఎనిమిది మ్యాచులే మిగిలాయి. ఆ ఎనిమిదింటిలో తొమ్మిది పాయింట్లు తెచ్చాడు, ఆ స్థితిలో తీసిపారేసే లెక్క కాదది. మొత్తం 34. ఎవర్టన్‌కి 36. ఆ రెండు సొంత మైదానం మ్యాచుల్లో ఒక్కటి గెలిచి ఉంటే 37.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మే 1న లెస్టర్, ఎవర్టన్ తలపడ్డాయి. లెస్టర్ 2-1తో ముందున్నప్పుడు వాళ్ల మ్యాడిసన్ కొట్టిన పెనాల్టీని ఎవర్టన్ గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ ఆపేశాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది. ఆ బంతి లోపలికి వెళ్లుంటే ఈ వ్యాసంలో సగం వేరేలా ఉండేది. ఫుట్‌బాల్‌లో ఏ నిర్ణయాన్నైనా ఫలితంతో మాత్రమే కొలిస్తే ఈ ప్రమాదం ఉంటుంది.

ఇప్పుడు ఎవర్టన్ వైపు చూడండి. 20 మ్యాచుల్లో 15 పాయింట్లతో 19వ స్థానంలో ఉన్నప్పుడు, జనవరి 23న ఫ్రాంక్ లాంపార్డ్‌ని పంపేశారు. వారానికల్లా షాన్ డైచ్ వచ్చాడు. ఆ జనవరిలో ఎవర్టన్ ఒక్క ఆటగాడిని కూడా కొనలేదు. పైగా ఆంథనీ గోర్డన్‌ని అమ్మేసింది. అంటే ఉన్నవాళ్లతోనే, ఒకడు తగ్గినా, 18 మ్యాచుల్లో 21 పాయింట్లు వచ్చాయి. మొదటి మ్యాచ్‌లోనే పట్టికలో అగ్రస్థానంలో ఉన్న మమ్మల్ని కార్నర్ మీద టార్కోవ్‌స్కీ హెడర్‌తో ఓడించారు. ఆఖరి రోజు బోర్న్‌మత్ మీద డూకురే గోల్‌తో నిలబడ్డారు. డైచ్ ఎలా ఆడిస్తాడో, ఎలాంటి ఆటగాళ్లు కావాలో బర్న్‌లీలో ఏళ్ల తరబడి లోకమంతా చూసింది. పొడవైన డిఫెండర్లు, బాక్స్‌లోకి బంతులు వేసే మెక్‌నీల్ లాంటి వింగర్ ఎవర్టన్ దగ్గర అప్పటికే ఉన్నారు. మెక్‌నీల్ బర్న్‌లీలో డైచ్ కింద ఆడినవాడే. ఆ అతుకు అంత త్వరగా పట్టడానికి కారణం అదే.

నా లెక్కలో ఈ ప్రశ్నని తేల్చేది ఇదే: పంపేస్తున్న మేనేజర్ ఎంత చెడ్డగా ఉన్నాడన్నది కాదు, వచ్చేవాడు ఎవరు, ఉన్న ఆటగాళ్లతో వాడి ఆట కుదురుతుందా అన్నది. అభిమానులం మనం మొదటి సగం మీదే అరుస్తాం. రెండో సగం మీద ఎవరినైనా అడిగితే "ఎవరైనా సరే, వీడు కాకపోతే చాలు" అంటారు. ఆ "ఎవరైనా సరే" దగ్గరే క్లబ్బులు మునుగుతాయి.

అదే సీజన్‌లో విల్లా చేసింది చూడండి. 11 మ్యాచుల్లో తొమ్మిది పాయింట్లతో ఉన్న స్టీవెన్ జెరార్డ్‌ని ఫుల్‌హామ్ చేతిలో 3-0 ఓటమి తర్వాత అక్టోబర్ 20న తీసేశారు. నాలుగు రోజుల్లో ఉనాయ్ ఎమెరీ పేరు ప్రకటించారు. విల్లారియల్‌కి డబ్బు కట్టి, ఉద్యోగంలో ఉన్న మనిషిని తెచ్చుకున్నారు. ఆ సీజన్ 61 పాయింట్లతో ఏడో స్థానం, మరుసటి ఏడాది నాలుగో స్థానం. (ఆర్సెనల్ వదులుకున్న మనిషి అక్కడ అలా వెలగడం చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.)

సౌతాంప్టన్ కూడా తొందరగానే మార్చింది. నవంబర్ 7న హాసెన్‌హుట్ల్‌ని తీసేసింది, ముందు కావలసినంత సమయం ఉంది. రెండుసార్లు 9-0తో ఓడినప్పుడు కూడా ఆయన్ని ఉంచిన క్లబ్ అది. బదులుగా తెచ్చిన నేథన్ జోన్స్ మూడు నెలలకే పోయాడు, తర్వాత సెల్లెస్. 25 పాయింట్లతో ఆఖరి స్థానం. కాబట్టి "తొందరగా తీసేస్తే బతుకుతాం" అనేది కూడా పూర్తి నిజం కాదు.

లెస్టర్ ఈ పాఠాన్ని రెండోసారి ఇంకా ఖరీదుగా నేర్చుకుంది. 2024లో మళ్లీ పైకొచ్చాక వాళ్లు తెచ్చుకున్న మేనేజర్ ఎవరనుకుంటున్నారు? అదే స్టీవ్ కూపర్. 12 మ్యాచుల్లో 10 పాయింట్లతో 16వ స్థానంలో, అంటే రెలిగేషన్ గీతకి పైనే ఉండగా, నవంబర్‌లో తీసేశారు. వాన్ నిస్టెల్‌రూయ్ వచ్చాడు. మిగిలిన 26 మ్యాచుల్లో 15 పాయింట్లు. మళ్లీ కింది డివిజన్‌కి. కూపర్ ఉంటే నిలబడేవాళ్లని నేను గట్టిగా చెప్పలేను. కానీ ఆ జట్టుకి కావాల్సింది డిఫెన్స్‌ని కుదుటపరిచే మనిషి, తెచ్చుకున్నది ఆ పనిలో పేరున్న మనిషిని కాదు.

కొత్త మేనేజర్ రాగానే జట్టు లేచి కూర్చుంటుంది కదా అంటారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మన సామెత. మొదటి నాలుగైదు వారాలు అలాగే ఉంటుంది: బెంచ్ మీద ఉన్నవాడు చోటు కోసం పరిగెత్తుతాడు, ఆడుతున్నవాడు చోటు పోతుందని పరిగెత్తుతాడు. పైగా మేనేజర్‌ని ఎప్పుడూ అత్యంత అధ్వాన్నమైన దశలోనే తీసేస్తారు కాబట్టి, ఆ తర్వాత కొంత మెరుగుదల ఎలాగూ వస్తుంది. 2017 ఫిబ్రవరిలో లెస్టర్ రానియెరీని పంపేసినప్పుడు క్రెయిగ్ షేక్స్‌పియర్ కింద మొదటి ఐదు లీగ్ మ్యాచులూ గెలిచారు. సీజన్ 12వ స్థానంలో ముగించారు. అక్టోబర్ వచ్చేసరికి షేక్స్‌పియర్‌నీ తీసేశారు. టైటిల్ తెచ్చిన ఏడాది తిరగకుండానే రానియెరీకి అలా చేయడం నాకు ఈరోజుకీ మింగుడు పడదు. కానీ ఆ ఐదు గెలుపులే వాళ్లని గట్టెక్కించాయన్నదీ నిజం. పది పన్నెండు మ్యాచులు గట్టెక్కడమే లక్ష్యమైతే ఆ ఊపు సరిపోతుంది. రెండేళ్ల పనికి సరిపోదు.

ఇక ఉంచడం గురించి. నా మొగ్గు ఇటే, దాచను. 2020 డిసెంబరులో ఆర్సెనల్ 14 మ్యాచుల్లో 14 పాయింట్లతో 15వ స్థానంలో ఉంది. మా మేనేజర్ ఆర్తెతాని తీసేయాలని నేను గట్టిగా వాదించాను, ఇంట్లో మా తమ్ముడితో రెండు రోజులు మాటలు కూడా లేవు. డిసెంబర్ 26న చెల్సీ మీద 3-1తో గెలిచాం. ఆ రోజు స్మిత్ రో జట్టులోకి వచ్చాడు. మళ్లీ 2021 ఆగస్టులో మొదటి మూడు మ్యాచులూ ఓడి, ఒక్క గోల్ కొట్టకుండా తొమ్మిది ఇచ్చి, అట్టడుగుకి చేరాం. మళ్లీ అదే మాట అన్నాను. కానీ ఆ వేసవిలో క్లబ్ కొన్నది ఆరుగురిని, అందరూ 23 ఏళ్లు, అంతకన్నా తక్కువ వాళ్లే. వైట్, రామ్స్‌డేల్, ఒడెగార్డ్, టోమియాసు లాంటివాళ్లు. అలా కొన్న క్లబ్ మూడు మ్యాచులకి మేనేజర్‌ని మారిస్తే ఆ కొనుగోళ్లకి అర్థమే ఉండదు. ఆ ఏడాది ఐదో స్థానం, తర్వాత వరుసగా మూడేళ్లు రెండో స్థానం. తప్పు నాది.

అయితే ఉంచితే పూర్తిగా ఉంచాలి. 2024లో మాంచెస్టర్ యునైటెడ్ చేసింది అందుకు వ్యతిరేకం. లీగ్‌లో ఎనిమిదో స్థానం, ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించి ఎఫ్‌ఏ కప్. ఆ తర్వాత వారాల తరబడి సమీక్ష. మేనేజర్ టెన్ హాగ్‌ని ఉంచారు, కాంట్రాక్ట్ పొడిగించారు, డి లిఖ్ట్, మజ్రౌయి లాంటి, అతను ముందే ఎరిగిన ఆటగాళ్లని కొన్నారు, తొమ్మిది లీగ్ మ్యాచులకి అక్టోబర్ 28న తీసేశారు. వేరే పద్ధతి కోసం కట్టిన జట్టు ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో (మధ్యలో ఆడే డిఫెండర్లు) ఆడించే అమోరిమ్ చేతికి నడి సీజన్లో వచ్చింది. 42 పాయింట్లతో 15వ స్థానం. జూన్‌లో పంపి ఉన్నా బాగుండేది, సీజనంతా ఉంచి ఉన్నా బహుశా అంత కిందకి పోయేవాళ్లు కాదు. అనుమానంతో ఉంచడం అన్నిటికన్నా చెడ్డ దారి. కొత్త ఒప్పందం కాగితం మీద ఉన్నా, తలుపు దగ్గర కారు సిద్ధంగా ఉందని ఆటగాళ్లకి తెలిసిపోతుంది.

ఉంచకూడని సమయం ఒకటుంది. గోల్ పడ్డాక ఏం చేస్తున్నారో చూడండి. వెనకబడ్డా బంతి పోగొట్టుకున్నవాడే వెంటపడి పరిగెత్తుతుంటే మేనేజర్ మాట ఇంకా చెల్లుతోందని అర్థం. చేతులు నడుం మీద పెట్టి ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, వచ్చేవాడి పేరు దొరికిన రోజే పంపేయడం మంచిది. 2021 ఆగస్టులో సిటీ చేతిలో 5-0తో ఓడినప్పుడు కూడా మావాళ్లు మొదటి రకంగానే ఉన్నారు, కోపంలో నేనే చూడలేదు.

మిగతా దారులు: సీజన్ చివరి వరకు తాత్కాలిక మేనేజర్‌తో నడపడం. 2012లో చెల్సీకి డి మట్టేయో ఛాంపియన్స్ లీగ్ తెచ్చాడు, ఆ నవంబర్‌కే అతన్నీ పంపేశారు. 2023లో అదే చెల్సీ లాంపార్డ్‌తో ప్రయత్నించి 12వ స్థానంలో ముగించింది. దాన్ని పథకంగా పెట్టుకోలేం. మేనేజర్‌ని ఉంచి సహాయ కోచ్‌ని మార్చడం: కార్నర్లు, ఫ్రీ కిక్‌లు లాంటి సెట్ పీస్‌లలో గోల్స్ ఇస్తున్న జట్టుకి పనికొస్తుంది, అంతకు మించి ఆశించొద్దు.

తీసేసిన మేనేజర్‌కి కట్టే నష్టపరిహారం డబ్బు లెక్క కూడా అడుగుతుంటారు. ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడితే పోయే టీవీ ఆదాయం ముందు అది చిన్నది. ఆ భయంతో ఆగడంలో అర్థం లేదు.

మీ జట్టు విషయానికొస్తే, తర్వాతిసారి నాకు ఫోన్ చేసే ముందు ఒక పేరు రాసుకోండి. ఇప్పుడున్న మీ ఇద్దరు సెంటర్ బ్యాక్‌లతో, ఇప్పుడున్న మీ స్ట్రైకర్‌తో రేపటి నుంచి పని మొదలుపెట్టగల మనిషి పేరు. ఆ పేరు దొరికితే, పదిహేను మ్యాచులైనా మిగిలి ఉంటే, పంపేయమనే చెప్తాను. దొరకకపోతే వచ్చే శనివారం మ్యాచ్ కలిసి చూద్దాం.