కిటికీలో సముద్రం కూడా కనబడాలి: లైట్‌రూమ్ హెచ్‌డీఆర్ మెర్జ్‌తో నా అనుభవం

బరంపురంలో స్టూడియో నడుపుతూ, పెళ్లిళ్లతో పాటు గోపాల్‌పూర్ తీరంలోని లాడ్జీలకు గదుల ఫొటోలు కూడా తీస్తుంటాను. ఆ గదులన్నిటికీ ఒకటే చిక్కు. కిటికీ అవతల సముద్రం మీద ఎండ మండిపోతుంటుంది, ఇవతల మంచం పక్కన చీకటి. సముద్రానికి సరిపెడితే గది నల్లబడిపోతుంది, గదికి సరిపెడితే కిటికీ తెల్లగా పేలిపోతుంది. లాడ్జీ వాళ్లకేమో రెండూ కావాలి. అడోబ్ వాళ్ల ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో హెచ్‌డీఆర్ మెర్జ్, అంటే ఒకే దృశ్యాన్ని ఎక్కువ తక్కువ వెలుగుల్లో తీసిన ఫ్రేములను ఒకటిగా కలిపే సదుపాయం, 2015లో వచ్చింది. ఆనాటి నుంచీ ఈ పనికి దాన్నే వాడుతున్నాను.

దీని గొప్పతనమేమిటంటే, ఫ్రేములన్నీ కలిపాక తయారైపోయిన బొమ్మను చేతికివ్వదు, డీఎన్‌జీ అనే, ఇంకా సవరించుకోదగ్గ ముడి ఫైలిస్తుంది. వైట్ బ్యాలెన్స్‌తో సహా అన్నీ తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు. మామూలు రా ఫైల్లో, అంటే కెమెరా ఇచ్చే ముడి ఫైల్లో, ఎక్స్‌పోజర్ (వెలుగు) స్లైడర్ ప్లస్ మైనస్ 5 దాకా వెళ్తే, ఇందులో 10 దాకా వెళ్తుంది. నీడల్ని ఎంత పైకి లాగినా నాయిస్ (గరుకు చుక్కలు) పెద్దగా లేవదు. ఆ నీడల వివరం షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీసిన ఫ్రేము నుంచి వస్తుంది కాబట్టి. చాలామంది హెచ్‌డీఆర్ అనగానే కళ్లు చెదిరే రంగులనుకుంటారు. నాకు మాత్రం మంచం కింద గచ్చు ఎరుపు మసకబారకుండా దక్కడమే హెచ్‌డీఆర్.

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఐఎస్ఓ 100, ఎఫ్8 దగ్గర కదపకుండా ఉంచి, షట్టర్ ఒక్కటే మారుస్తాను. మండువా ఇళ్ల వసారాల్లాంటి చోట 1/125, 1/30, 1/8 సెకను సరిపోతాయి. సముద్రం వైపు కిటికీ ఉంటే 1/250 నుంచి ఒక సెకను దాకా రెండేసి స్టాపుల తేడాతో (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఐదు ఫ్రేములు. మూడు స్టాపుల తేడా ఉన్నా ఈ సాఫ్ట్‌వేర్ కలపగలదు కాబట్టి ఏడూ తొమ్మిదీ తీసి కార్డు నింపుకోనక్కర్లేదు.

అసలు కష్టం కదిలే వాటితో. సీలింగ్ ఫ్యాను ఆపేయాలి, అదీ రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. సముద్రపు గాలికి పరదా ఊగుతుంటే కట్టేయాలి. ట్యూబ్‌లైట్లు ఆర్పేస్తేనే మంచిది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అవి సెకనుకు వందసార్లు మినుకుతాయి, 1/250 ఫ్రేములో ఆ తేడా పట్టుబడుతుంది. పైగా ఆ వెలుగు రంగు, ఎండ రంగు కలవవు. మెర్జ్ చేసినంత మాత్రాన ఆ రంగుల తగువు తీరదు.

ఇక అలలు. వాటిని ఎవరూ ఆపలేరు, అక్కడ డీఘోస్ట్, అంటే కదిలినవాటి దెయ్యపు నీడల్ని తీసేసే అమరిక, తప్పదు. లో, మీడియం, హై అని మూడు మెట్లున్నాయి. కదిలిన చోట సాఫ్ట్‌వేర్ ఒకే ఫ్రేమును నమ్ముకుంటుంది. ఆ ఫ్రేము చీకటిదైతే అక్కడ నాయిస్ మిగులుతుంది. అందుకని నేను లో దగ్గర మొదలుపెట్టి, డీఘోస్ట్ ఎక్కడ పడిందో చూపే ఓవర్‌లే వేసి ఎర్రగా మెరిసే చోట్లు చూసుకున్నాకే పైమెట్టుకు వెళ్తాను. గోడల మీదికి ఎరుపు పాకిందంటే డీఘోస్ట్ ఎక్కువైనట్టే.

ఫొటోమ్యాటిక్స్ అనే మరో హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్ కూడా వాడాను. టోన్ మ్యాపింగ్ (వెలుగునీడల తేడాను తెరకు, ప్రింటుకు సరిపడేలా కుదించడం) పట్టు దాంట్లో ఎక్కువ, నాటకీయంగా కావాలన్నవాళ్లకు అదే నయం. పట్టు బిగించేకొద్దీ కిటికీ చట్రం చుట్టూ తెల్లటి వెలుగు అంచు తేలుతుంది. ఆ పద్ధతికే ఉన్న గుణమది. ఒకసారి ఒకే గదిని రెండు రకాలుగా ప్రింటు వేసి చూపిస్తే లాడ్జీ పెద్దాయన ఫొటోమ్యాటిక్స్ మెరుపుల ప్రింటు పక్కన పెట్టి, "బాబూ, దీన్ని చూసి వచ్చినవాళ్లు గది చూసి నన్ను తిడతారు" అన్నారు. నా తీర్పూ అదే.

డబ్బు పెట్టలేనివాళ్లు హ్యూగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ చూడండి, ఉచితం. 2007లో మెర్టెన్స్ బృందం ప్రకటించిన ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ పద్ధతి మీద నడుస్తుంది. ప్రతి ఫ్రేములో బాగున్న భాగానికి ఎక్కువ బరువిచ్చి నేరుగా కలిపేస్తుంది. ఫలితం సహజంగా ఉంటుంది గానీ తర్వాత సవరించే చోటు తక్కువ.

పెళ్లి మంటపంలో మాత్రం ఇలా ఫ్రేములు కలిపే జోలికి పోకండి. అక్షింతలు ఏ మూడు ఫ్రేముల్లోనూ ఒకే చోట ఉండవు. చిలికా పక్షులకూ అంతే. ఇప్పటి సెన్సార్ల మీద, హైలైట్లు పోకుండా తీసిన ఒక్క రా ఫైల్లోనే సూర్యోదయం చాలాసార్లు ఇమిడిపోతుంది.

లైట్‌రూమ్‌కి నెలనెలా చందా కట్టడం చిన్న స్టూడియోకి బరువే, కాదనను. కానీ చందా ఆపేసినా కలిపిన డీఎన్‌జీలు వృథా పోవు, ఉచితంగా దొరికే రాథెరపీ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయి. పాత లాడ్జీ పనుల అసలు ఫ్రేములు, కలిపిన ఫైళ్లు రెండూ వేరే డిస్కులో దాస్తున్నాను.